అందరికీ చేతినిండా పనే, మరి ఫైలు కదలదేం?

ఒక ఉద్యోగికి ఒక్కో పనికి సగటున 30 నిమిషాలు పడుతుందనుకుందాం. డ్యూటీ 8 గంటలు, అంటే 480 నిమిషాలు. రోజుకు 432 నిమిషాలకు సరిపడా పని వస్తుంటే అతని మీద లోడు 90 శాతం. ఆ స్థితిలో కొత్తగా వచ్చిన పని, అతను ముట్టుకునేలోపు, సగటున నాలుగున్నర గంటలు టేబుల్ మీద పడి ఉంటుంది. ఇప్పుడు రోజుకు ఇంకో 24 నిమిషాల పని తగిలించండి. అది ఒక్క పనికి కూడా సమానం కాదు. లోడు 95 శాతమవుతుంది, పడి ఉండే సమయం మాత్రం తొమ్మిదిన్నర గంటలకు ఎగబాకుతుంది. పూటలో తెమిలేది మర్నాటికి జారిపోయింది. మనిషి మారలేదు, చేతి వేగం తగ్గలేదు, బద్ధకించనూ లేదు.

ఇలాంటప్పుడు మేనేజర్ అనుమానం ముందుగా మనుషుల మీదికే పోతుంది. టైమ్‌షీట్లు అడుగుతారు, రోజూ ఉదయం అరగంట స్టేటస్ మీటింగ్ పెడతారు. ఆ అరగంటా అదే 480 నిమిషాల్లోంచి పోవాలి. ఇక 456 నిమిషాల పనికి మిగిలేది 450 నిమిషాలే. లోడు వంద దాటింది కాబట్టి పెండింగ్ ఇక పెరగడమే తప్ప తగ్గదు. ఆలస్యం ఎందుకవుతోందో కనుక్కోవడానికి పెట్టిన మీటింగే ఆలస్యాన్ని శాశ్వతం చేసింది.

ఈ లెక్క కొత్తదేమీ కాదు. డెన్మార్క్ గణితవేత్త ఆగ్నర్ క్రారప్ ఎర్లాంగ్ కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేస్తూ 1909లో దీనికి పునాది వేశాడు. ఫోన్ చేసినవాళ్లను ఎక్కువసేపు ఆపకుండా ఉండాలంటే ఎన్ని లైన్లు, ఎంతమంది ఆపరేటర్లు కావాలన్నది ఆ కంపెనీకి కావలసిన జవాబు. కాల్స్ గడియారం చూసుకుని రావు. ఒక నిమిషంలో ఐదు వస్తాయి, తర్వాత మూడు నిమిషాలు ఒక్కటీ రాదు. ఖాళీగా పోయిన ఆ మూడు నిమిషాలను దాచిపెట్టి రద్దీ వేళకు వాడుకునే వీలు లేదు. ఆలస్యం పుట్టేది సరిగ్గా అక్కడే.

సూత్రం చిన్నది. లోడు శాతాన్ని మిగిలిన ఖాళీ శాతంతో భాగించి, ఒక పనికి పట్టే సగటు సమయంతో గుణించాలి. 50 శాతం లోడులో 50ని 50తో భాగిస్తే ఒకటి, కాబట్టి మన ఉదాహరణలో ఎదురుచూపు అరగంట. 80 శాతంలో 80ని 20తో భాగిస్తే నాలుగు, అంటే రెండు గంటలు. 99 శాతంలో 99 రెట్లు, ఆరు పనిదినాల పైమాటే. కింద హారంలో కూర్చున్నది ఖాళీ. అది సున్నాకు దగ్గరయ్యే కొద్దీ జవాబు పేలిపోతుంది. అందుకే లోడు 50 నుంచి 60కి పెరిగితే ఎదురుచూపు 15 నిమిషాలే పెరుగుతుంది, అదే పది శాతం 85 నుంచి 95కి పెరిగితే 6 గంటల 40 నిమిషాలు పెరుగుతుంది. టీమ్‌కు ‘ఇంకో చిన్న పని’ అప్పగించేటప్పుడు ఆ పని ఎంత చిన్నదని కాక, వాళ్లిప్పుడు ఎన్ని శాతంలో ఉన్నారని అడగాలి.

పై లెక్క పనులు ఒక వరస లేకుండా వచ్చిపడుతూ, ఒకటి ఐదు నిమిషాల్లో, ఇంకొకటి రెండు గంటల్లో తేలే చోట వర్తిస్తుంది. ప్రతి పనీ కచ్చితంగా 30 నిమిషాలే పట్టేటట్టయితే, లోడు అదే 90 శాతం ఉన్నా, ఎదురుచూపు సగానికి సగం తగ్గి రెండుంపావు గంటలవుతుంది. బ్రిటన్ గణితవేత్త జాన్ కింగ్‌మన్ 1961లో దీన్ని, పనులు ఏ తీరున వచ్చినా ఒక్కరే చేసే క్యూలకు ఉజ్జాయింపుగా వర్తించేలా విస్తరించాడు. ఆయన లెక్కలో ఎదురుచూపు మూడు సంఖ్యల గుణకారం: లోడు ప్రభావం, రాకలోనూ పనిలోనూ ఉండే ఎగుడుదిగుడు, ఒక పనికి పట్టే సగటు సమయం. లోడు తగ్గించే అధికారం మీ చేతిలో లేకపోవచ్చు. ఎగుడుదిగుడు తగ్గించడం చాలావరకు మీ చేతిలోనే ఉంటుంది. వారమంతా పోగుచేసి సోమవారం ఉదయం 20 ఫైళ్లు ఒకేసారి కుమ్మరించే పద్ధతి మాని రోజుకు నాలుగు పంపడం, సగం కాగితాలతో వచ్చిన దరఖాస్తును గుమ్మంలోనే తిప్పిపంపడం, రెండు రోజుల పనిని అరపూట ముక్కలు చేయడం వంటివి రూపాయి ఖర్చులేని మందులు. జపాన్‌లో టొయోటా కంపెనీ కార్ల ఉత్పత్తిలో రోజువారీ సమతూకానికి అంత ప్రాధాన్యం ఇవ్వడం వెనక ఉన్న గణితం కూడా ఇదే.

ఖాళీ విలువ సెలవు రోజుల్లో తెలిసొస్తుంది. ఐదుగురి టీమ్‌లో ఒకరు సంక్రాంతికి ఊరెళ్లి ఐదు పనిదినాలు సెలవు పెట్టారు. టీమ్ 95 శాతం లోడులో ఉంటే రోజుకు 4.75 మంది పని వస్తుంది, చేసేది నలుగురు. రోజుకు 0.75 చొప్పున, ఐదు రోజుల్లో 3.75 రోజుల పని బకాయి పడుతుంది. ఆయన తిరిగొచ్చాక టీమ్‌కు మిగిలే తీరిక రోజుకు 0.25 మాత్రమే. బకాయి తీరడానికి 15 పనిదినాలు, అంటే మూడు వారాలు. లోడు 90 శాతమైతే బకాయి 2.5 రోజుల పనే, అదీ ఐదు రోజుల్లో తీరిపోతుంది. 80 శాతమైతే వచ్చే పనికీ చేసే చేతులకూ సరిగ్గా సరిపోయి బకాయే ఉండదు. ఇది ఎగుడుదిగుడు కలపని మోటు లెక్క, అసలు పరిస్థితి దీనికన్నా కాస్త అధ్వాన్నంగానే ఉంటుంది. సంక్రాంతి సెలవు తాలూకు చిరాకు శివరాత్రి దాకా సాగే ఆఫీసుల్లో తప్పు సెలవుది కాదు.

ఖాళీ ఉంచడమంటే గోళ్లు గిల్లుకుంటూ కూర్చోబెట్టడమని భయపడేవాళ్లకు ఒక మాట. ఎప్పుడంటే అప్పుడు పక్కనపెట్టగలిగిన పనులు ప్రతి ఆఫీసులో ఉంటాయి. కొత్తవాళ్లకు పని నేర్పడం, పని పద్ధతిని రాసిపెట్టడం, మళ్లీ మళ్లీ వచ్చే తప్పును మూలంలో సరిచేయడం అలాంటివే. 15 నుంచి 20 శాతం ఖాళీని వీటితో నింపొచ్చు. షరతు ఒక్కటే: అసలు పని వచ్చిన క్షణం ఇవి ఆగిపోవాలి. గడువు తేదీ ఉన్న పనిని ఆ ఖాళీలో పెడితే అది ఖాళీ కాదు, మారువేషంలో ఉన్న లోడు.

ఇక చేతిలో ఒకేసారి ఎన్ని పనులుండాలన్నది రెండో ప్రశ్న. అమెరికన్ పరిశోధకుడు జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం దీనికి సూటిగా జవాబిస్తుంది. నడుస్తున్న పనుల సంఖ్యను రోజుకు ముగిసే పనుల సంఖ్యతో భాగిస్తే ఒక్కో పనికి సగటున పట్టే రోజులు వస్తాయి. 60 పనులు తెరిచిపెట్టుకుని రోజుకు 4 ముగించే టీమ్‌లో ప్రతి పనికీ 15 రోజులు. అదే వేగంతో తెరిచిన పనులను 24కు కుదిస్తే 6 రోజులు. ఒక్క మనిషిని కొత్తగా తీసుకోలేదు, ఒక్క గంట ఓవర్‌టైమ్ లేదు. వచ్చేవీ ముగిసేవీ దీర్ఘకాలంలో సమానంగా ఉన్నప్పుడే ఈ సూత్రం నిలుస్తుంది కాబట్టి, ముగిసేవాటికన్నా వచ్చేవి ఎక్కువైతే ముందు కొన్నింటిని ఒప్పుకోకుండా ఉండడం నేర్చుకోవాలి.

అన్నీ కొంచెం కొంచెంగా కదులుతుంటే అందరూ సంతోషిస్తారన్నది మేనేజర్లకు ఇష్టమైన భ్రమ. పది రోజుల చొప్పున మూడు ప్రాజెక్టులు ఒక్కరికే ఇచ్చారనుకోండి. ఒకటి ముగించి ఇంకొకటి మొదలుపెడితే అవి 10, 20, 30వ రోజుల్లో పూర్తవుతాయి. రోజుకొకటి చొప్పున తిప్పుతూ చేస్తే 28, 29, 30వ రోజుల్లో పూర్తవుతాయి. మూడోవారికి ఒక్క రోజు కూడా కలిసిరాలేదు, మొదటివారు మాత్రం 18 రోజులు, రెండోవారు 9 రోజులు ఊరికే నష్టపోయారు. నిన్న ఎక్కడ ఆపామో గుర్తు తెచ్చుకోవడానికి పట్టే సమయాన్ని ఇందులో కలపనేలేదు.

ఇంతవరకూ టీమ్ గురించి మాట్లాడాం గానీ, ఆఫీసులో అన్నిటికన్నా పొడవైన క్యూ తరచుగా మేనేజర్ టేబుల్ మీదే ఉంటుంది. ‘సార్ దగ్గర పెండింగ్’ అనే మాటను లెక్కలో పెట్టి చూద్దాం. మేనేజర్ రోజుకు ఆరు గంటలు మీటింగుల్లో ఉంటారు. అప్రూవల్స్‌కు మిగిలేది 120 నిమిషాలు. ఒక్కోటి పది నిమిషాల పని, రోజుకు 11 వస్తాయి. మొత్తం 110 నిమిషాలు, లోడు 92 శాతం దాకా. 110ని మిగిలిన 10తో భాగిస్తే 11 రెట్లు, కాబట్టి ఎదురుచూపు సగటున 110 నిమిషాలు. అయితే ఇవి గడియారం నిమిషాలు కావు, ఆయన సంతకాలకు కూర్చునే నిమిషాలు. రోజుకు అలాంటివి 120 మాత్రమే కాబట్టి ప్రతి కాగితం ఇంచుమించు ఒక రోజంతా ఆగుతుంది. ఇప్పుడు ఒక మొత్తం లోపు ఖర్చులు, మామూలు సెలవులు, పాత రేటుకే చేసే కొనుగోళ్ల వంటి నాలుగు రకాలను టీమ్ లీడ్‌కు అప్పగించండి. రోజుకు 7 మిగిలితే 70 నిమిషాల పని, 50 నిమిషాల ఖాళీ. ఎదురుచూపు 14 నిమిషాలు. మూడో వంతుకు కాస్త ఎక్కువ పనిని వదులుకుంటే ఆలస్యం ఎనిమిదో వంతుకు పడిపోయింది. అధికారం పంచడాన్ని పెద్దమనసు కింద చూస్తారు గానీ అది ముందుగా అంకగణితం.

క్యూలను కలపడం ఇంకో ఉపాయం. ఇద్దరు ఉద్యోగులు, ఒక్కొక్కరికి విడి క్యూ, 90 శాతం లోడు ఉంటే ఎదురుచూపు మనం మొదట చూసిన నాలుగున్నర గంటలే. ఇద్దరికీ కలిపి ఒకే క్యూ పెట్టి, ఎవరు ఖాళీ అయితే వారు తర్వాతిది తీసుకుంటే రెండు గంటల 8 నిమిషాలు. బ్యాంకుల్లో టోకెన్ పద్ధతి అందుకే పనిచేస్తుంది. కాకపోతే ఇద్దరికీ రెండు రకాల పనీ వచ్చి ఉండాలి. ‘ఆ మాడ్యూల్ అతనికే తెలుసు’ అనే టీమ్‌లో క్యూలు కలిపినా కాగితం మీదే కలుస్తాయి. అందువల్ల ప్రతి ముఖ్యమైన పనినీ కనీసం ఇద్దరికి నేర్పడం శిక్షణ ఖర్చు కాదు, ఆలస్యం తగ్గించే పెట్టుబడి.

ఒకేసారి తెరిచి ఉంచే పనులకు పరిమితి పెట్టాలనుకుంటే మొదటి నెల ఏమీ మార్చకుండా లెక్క మాత్రమే రాయాలి: వచ్చిన తేదీ, మొదలుపెట్టిన తేదీ, ముగిసిన తేదీ. ఆ తర్వాత మనిషికి రెండు పనులు మించకూడదని గీత గీయొచ్చు. ఒకటి ఎవరి జవాబు కోసమో ఆగితే రెండోది చేతిలో ఉంటుంది. మొదటి రెండు వారాలు ఇబ్బందిగానే ఉంటుంది, ఎందుకంటే ఈ లెక్కలోకి రాని పనులు వాట్సాప్‌లో, ఫోన్‌లో, క్యాంటీన్ దగ్గర పుడుతూనే ఉంటాయి. ‘రెండు నిమిషాల పనే’ అంటూ వచ్చే ఈ దొంగ క్యూ పరిమితిని చడీచప్పుడు లేకుండా చంపేస్తుంది. గట్టిగా నిలబడాల్సింది మేనేజరే, ఎందుకంటే ఆ వాట్సాప్ మెసేజ్ పంపేది చాలాసార్లు ఆయనే.

రెండో ప్రమాదం అర్జెంటు ముద్ర. పనులన్నీ ఒకే పరిమాణంలో ఉన్నప్పుడు వరస మార్చడం వల్ల మొత్తం సగటు ఆలస్యం తగ్గదు, ఒకరి ఎదురుచూపు ఇంకొకరి నెత్తిన పడుతుంది. ఒకేసారి ఒకే ఒక్క అర్జెంటు పని ఉండాలనే నియమం పెడితే, రెండోది తెచ్చినవారు మొదటి పనివారితో మాట్లాడుకుని రావాల్సి వస్తుంది. సగం అర్జెంట్లు ఆ మాటల్లోనే ఆవిరైపోతాయి. పరిమాణాలు వేర్వేరుగా ఉంటే మాత్రం చిన్నవాటిని ముందు తెమల్చడం సగటును నిజంగానే తగ్గిస్తుంది. అప్పుడు పెద్ద పని అడుగున పడి ఉండిపోతుంది కాబట్టి, ఇన్ని రోజులు దాటితే పరిమాణంతో పనిలేకుండా పైకి రావాలని ఒక వయసు పరిమితి పెట్టుకోవాలి.

ఇన్ని చేశాక కూడా గడువు చెప్పడంలో తప్పు జరుగుతుంది. సగటు రోజులనే మాటగా ఇచ్చేస్తే తరచుగా మాట తప్పినట్టే. ముగిసిన చివరి 40 పనులు తీసుకుని, ఒక్కోటి వచ్చిన రోజు నుంచి ఎన్ని రోజులు పట్టిందో చిన్న అంకె నుంచి పెద్ద అంకెకు పేర్చండి. 34వ అంకె ఎంతో చూడండి. వందకు 85 పనులు ఆ లోపు ముగుస్తున్నాయన్నమాట. సగటు 6 రోజులై, 34వ అంకె 11 అయితే కస్టమర్‌కు చెప్పాల్సింది 11. మూడు నెలలకోసారి ఈ అంకెను మళ్లీ తీయాలి. టీమ్‌లో మనుషులు మారినా, లోడు నాలుగు శాతం కదిలినా పాత అంకె పనికిరాదు.