ఈస్ట్ పైపొర: ఒంటికి అనుమానం, పేగు బ్యాక్టీరియాకు తిండి

పేగు జబ్బులకు రాసే రక్తపరీక్షల్లో ‘ఆస్కా’ ఒకటి. అది పాజిటివ్ అనగానే బ్రెడ్డు, బన్ను మానేసేవాళ్లున్నారు. ఆ పరీక్ష చెప్పేది బ్రెడ్డు పడదని కాదు. బ్రెడ్డు పిండిని పొంగించే సూక్ష్మజీవి ఈస్ట్. దాని కణం పైపొరలో మన్నాన్ అనే చక్కెర గొలుసు ఉంటుంది. దానిమీద ఒంట్లో తయారైన యాంటీబాడీలను కొలుస్తుంది, అంతే. పైగా మన పేగులోనే కాపురముండే క్యాండిడా అనే మరో ఈస్ట్ కూడా ఇవే యాంటీబాడీలను పుట్టించగలదు.

పేగు వాచి పుండ్లుపడే క్రోన్స్ జబ్బు ఉన్న రోగుల్లో ఈ యాంటీబాడీలు ఎక్కువని స్కాట్లండ్ వైద్యులు 1988లో ప్రకటించారు. పెద్దపేగులో పుండ్లుపడే అల్సరేటివ్ కొలైటిస్‌లో అంతగా కనిపించలేదు కాబట్టి, ఆ రెంటినీ వేరుచేయడానికి పరీక్ష వాడుకలోకొచ్చింది. మన దేశంలో చిక్కు వేరు. పేగు టీబీ అచ్చం క్రోన్స్‌లాగే ఉంటుంది. ఈ రెంటినీ ఆస్కా విడదీయలేదని 2007లో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు చూపించారు. టీబీని క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్లు మొదలుపెడితే టీబీ ముదురుతుంది. అందుకే ఈ ఒక్క రిపోర్టు పట్టుకుని మందు మొదలుపెట్టడం ప్రమాదం. కొలనోస్కోపీ చేసి (కెమెరా గొట్టంతో పెద్దపేగులోపల చూసి), పేగు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించాల్సిందే.

బ్రెడ్డు కాల్చే ఓవెన్ వేడికి ఈస్ట్ చస్తుంది గానీ దాని గోడ మిగులుతుంది. కల్లులోనైతే ఈస్ట్ బతికే ఉంటుంది. మన్నాన్‌ను అరిగించే ఎంజైములు మన జీర్ణరసాల్లో లేవు. మరి పెద్దపేగులో దాన్ని తినేదెవరు? 2015లో న్యూకాజిల్ విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ గిల్బర్ట్ బృందం, మరికొన్ని దేశాలవాళ్లతో కలిసి జవాబు చెప్పింది: బ్యాక్టీరాయిడ్స్ థీటాయోటావోమైక్రాన్ అనే పేగు బ్యాక్టీరియా.

మన్నాన్‌ను కొబ్బరిమట్ట అనుకోండి. నడుమ పొడవాటి కాడ, దాన్నిండా ఆకుల్లా కొమ్మలు. ఆస్కా యాంటీబాడీలు పట్టుకునేది ఆ ఆకుల కొసల్నే. బ్యాక్టీరియా తన ఒంటిపైనున్న ఎంజైములతో మట్టను రెండుమూడు చోట్ల మాత్రమే నరికి, పొడవాటి ముక్కల్నే లోపలికి లాక్కుంటుంది. ఆకులు దూయడం, కాడను ముక్కలు చేయడం, అంతా తన కణం చుట్టూ ఉండే రెండు పొరల మధ్య గదిలోనే. వీధిలో నరికితే తునకలు పక్కవాళ్ల పాలవుతాయి. పరిశోధకులు దీనికి ‘స్వార్థ’ పద్ధతి అని పేరుపెట్టారు. ఈ పనికి కావాల్సిన జన్యువులు మూడు గుంపులుగా ఉన్నాయి. వాటిని తీసేసిన బ్యాక్టీరియా, మన్నాన్ మీద పెరగలేకపోయింది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆ పని జరిగింది ల్యాబులో, ఎలుకల్లో. మన్నాన్‌ను రోగులకిచ్చి క్రోన్స్ తగ్గించిన ప్రయోగం కాదది. దాన్ని చూపించి ఎవరైనా ఈస్ట్ పొడి మందని అమ్మితే కొనకండి.