షెడ్డులో రోజూ వినే ఆయిల్ మాటలు: అపోహలు – వాస్తవాలు

మిర్చికి మందు కొట్టే సీజన్ మొదలైందంటే మా మెకానిక్ షెడ్డు ముందు తైవాన్ స్ప్రేయర్లు, అంటే వీపున వేసుకుని మందు కొట్టే పెట్రోల్ మిషన్లు, వరస కడతాయి. ఇన్నేళ్లుగా చూస్తున్నాను, ఆయిల్ పొయ్యక పాడైనవి తక్కువ, చేతికి దొరికిన ఆయిల్ పోసి పాడు చేసుకున్నవే ఎక్కువ. పంట మీద ఉన్నప్పుడు మిషన్ ఆగితే రైతుకు ఎంత టెన్షనో రోజూ కళ్లారా చూస్తాను కాబట్టి, నేను ఎక్కువగా వినే మాటలు, వాటి వెనక అసలు సంగతి రాస్తున్నాను.

అపోహ: ఆయిల్ అంటే ఆయిలే. బైకుకు పోయగా మిగిలింది స్ప్రేయర్ పెట్రోల్లో కలిపేయొచ్చు.

పోయినేడు ఒక బాబాయ్ స్ప్రేయర్ భుజాన వేసుకొచ్చాడు. తాడు లాగితే రాయిలా ఉంది, కదల్లేదు. సైలెన్సర్ విప్పి ఎగ్జాస్ట్ రంధ్రంలోకి టార్చి వేసి చూశాను. నున్నగా మెరవాల్సిన పిస్టన్ మీద నిలువు గీతలు, గోటితో రాస్తే గోరు తట్టుకుంటోంది. రింగు గాడిలో మసి గట్టిపడిపోయి రింగు అక్కడికక్కడే అతుక్కుపోయింది. ఏం కలిపావు బాబాయ్ అంటే, బండిలో పోసే 20డబ్ల్యూ40 అన్నాడు, మంచి కంపెనీదే అని కూడా చెప్పాడు. ఆయిల్ మంచిదే, కానీ దాని చోటు అది కాదు.

బైకుది ఫోర్ స్ట్రోక్ ఇంజన్, అందులో ఆయిల్ కింద చాంబర్లో ఉండి తిరుగుతుంది, మండకూడదు. ఈ స్ప్రేయర్‌ది టూ స్ట్రోక్, దానికి అసలు ఆయిల్ చాంబరే లేదు. ఆయిల్ పెట్రోల్‌తో పాటే లోపలికి వెళ్లి, బేరింగులనీ పిస్టన్‌నీ తడిపి, ఆఖరికి తనూ మండిపోవాలి. మండాక బూడిద మిగలకూడదు. బైకు ఆయిల్లో కాల్షియం, జింకు లాంటివి కలుపుతారు, అక్కడ అవి అవసరం. ఇక్కడ మండితే అవే బూడిదై ప్లగ్గు మీదా రింగుల్లోనూ కూర్చుంటాయి. అందుకే టూ స్ట్రోక్‌కు 2టీ (టూ స్ట్రోక్) ఆయిలే వాడాలి, డబ్బా వెనక జాసో అనే జపాన్ నాణ్యత గుర్తు ఎఫ్‌సీ గానీ ఎఫ్‌డీ గానీ ఉందో లేదో చూసుకోండి. తీరంలో చేపల పడవల మోటార్లకు వాడే టీసీ-డబ్ల్యూ3 కూడా టూ స్ట్రోక్ ఆయిలే, కానీ అది నీళ్లతో చల్లబడే ఇంజన్ల కోసం చేసింది. స్ప్రేయర్, బ్రష్ కట్టర్ గాలికి చల్లబడేవి, వాటి వేడి వేరు.

అపోహ: ఆయిల్ కాస్త ఎక్కువ కలిపితే ఇంజన్‌కు ఇంకా మంచిది.

మంచిది కాదు. ఎక్కువైతే పొగ, తడి ప్లగ్గు, మసి పట్టి మూసుకుపోయిన సైలెన్సర్ జాలీ. ఇంకొక సంగతి చాలామందికి తట్టదు: ఆయిల్ ఎక్కువైన కొద్దీ కార్బురేటర్లోంచి వెళ్లే పెట్రోల్ ఆ మేరకు తగ్గుతుంది, దాంతో ఇంజన్ వేడి పెరుగుతుంది.

మిషన్ పుస్తకంలో 25:1 (పెట్రోల్ 25 పాళ్లు, ఆయిల్ ఒక పాలు) అని ఉంటే లీటరు పెట్రోల్‌కు 40 మి.లీ., 40:1 అయితే 25 మి.లీ., 50:1 అయితే 20 మి.లీ. పొలంలో కొలత ఎలా జరుగుతుందో నాకు తెలుసు, పురుగుమందు డబ్బా మూతతో. ఒక్కో కంపెనీ మూత ఒక్కో సైజు, నిన్న పోసింది ఇవాళ పోసింది ఒకటి కావు. మందుల షాపులో 20 మి.లీ. సిరంజి దొరుకుతుంది, ఒకటి కొని టూల్ బాక్సులో పడేయండి. కలపడం కూడా ట్యాంకులో కాదు, విడిగా క్యానులో కలిపి, బాగా ఊపి, అప్పుడు పొయ్యండి. నెలకు మించి నిల్వ ఉంచొద్దు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది గాల్లో తేమను లాక్కుంటుంది. సీజన్ అయిపోగానే ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటర్లో ఉన్నది కూడా అయిపోయేదాకా ఇంజన్ నడిపి ఆపండి.

అపోహ: ఎంత చిక్కటి ఆయిల్ పోస్తే ఇంజన్‌కు అంత బలం.

ఇది పవర్ వీడర్లు, చిన్న జనరేటర్లు, ఫోర్ స్ట్రోక్ పంపుసెట్ల దగ్గర వినే మాట. వీటిలో చాలా ఇంజన్లకు ఆయిల్ పంపు ఉండదు. కనెక్టింగ్ రాడ్ అడుగున గరిటె లాంటి చిన్న ముక్క ఉంటుంది, రాడ్ తిరిగినప్పుడల్లా అది ఆయిల్‌ను కొట్టి లోపలంతా చిమ్ముతుంది, అంతే. చల్లగా ఉన్నప్పుడు మరీ చిక్కటి ఆయిల్ అలా చిమ్మదు, మూలలకు చేరదు, అరుగుదల మొదలయ్యేది అక్కడే. 10డబ్ల్యూ30లో డబ్ల్యూ అంటే వెయిట్ కాదు, వింటర్. మొదటి అంకె చలిలో ఎలా పారుతుందో చెబుతుంది, రెండోది 100 డిగ్రీల దగ్గర ఎంత చిక్కగా నిలబడుతుందో చెబుతుంది. రెంటచింతల ఎండలకు 10డబ్ల్యూ30 పలచన కాదా అని అడిగేవాళ్లున్నారు, న్యాయమైన ప్రశ్నే. పుస్తకంలో ఉష్ణోగ్రతల పట్టిక ఉంటుంది, ఎండాకాలానికి అందులో ఒప్పుకున్న గ్రేడు ఏదో చూసి దానికి మారండి, షాపు వాడు చిక్కనిది ఇచ్చాడని కాదు.

నిజానికి ఈ ఇంజన్లు పోయేది గ్రేడు వల్ల కంటే లెవెల్ వల్లే. హోండా జీఎక్స్160 సైజు ఇంజన్లో పట్టేది సుమారు 600 మి.లీ. మాత్రమే. అందులో లెవెల్ బాగా తగ్గితే గరిటెకు ఆయిల్ అందదు, వాలు నేల మీద అయితే ఇంకా తొందరగా. సమంగా ఉన్న చోట పెట్టి చూడండి, ఈ రకం ఇంజన్లలో ఆయిల్ కొలిచే గేజి మర బిగించకుండా ఊరికే పెట్టి తీసి చూడాలి. కొత్త ఇంజన్‌కు మొదటి ఆయిల్ 20 గంటలకే మార్చాలి, ఆ తర్వాత 100 గంటలకో ఆరు నెలలకో. 20 గంటలకు తీసిన ఆయిల్‌ను ఒక గిన్నెలో పోసి ఎండకు పట్టి చూడండి, వెండి రజను తేలుతున్నట్టు మెరుస్తుంది. అది మీ ఇంజన్ లోపలి లోహమే. వీటికి ఆయిల్ ఫిల్టర్ లేదు కాబట్టి మనం తీస్తేనే అది బయటికొస్తుంది.

అపోహ: ఆయిల్ నల్లబడితే పాడైనట్టే.

డీజిల్ ఇంజన్లో కొత్త ఆయిల్ కొన్ని గంటల్లోనే నల్లబడుతుంది. మసిని కడిగి తనలో పట్టి ఉంచుతోందని అర్థం. నల్లరంగుకు భయపడొద్దు, గంటలు లెక్కపెట్టండి. భయపడాల్సింది పాల టీ రంగుకు, అంటే నీళ్లు చేరాయి. పోయకుండానే లెవెల్ పెరిగితే డీజిలో పెట్రోలో కిందికి దిగుతోంది, ఆ రోజే ఆపి చూపించండి.

అపోహ: 90 గేరాయిల్ 40 ఇంజన్ ఆయిల్‌కు రెట్టింపు చిక్కన.

కొలబద్దలే వేరు. 100 డిగ్రీల దగ్గర ఇంజన్ ఆయిల్ 40 అంటే 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత), గేరాయిల్ 90 అంటే 13.5 నుంచి 18.5. దాదాపు పక్కపక్కనే ఉన్నాయి. హైడ్రాలిక్ ఆయిల్ మీద ఉండే వీజీ (విస్కాసిటీ గ్రేడు, అంటే చిక్కదనం తరగతి) 46 మూడో లెక్క, అది 40 డిగ్రీల దగ్గర కొలిచింది. అంకెలు చూసి ఒకదాని బదులు ఇంకొకటి పొయ్యొద్దు.

అపోహ: గాలి కంప్రెసర్లో ఇంజన్ ఆయిల్ పోసినా నడుస్తుంది.

నడుస్తుంది, కొన్నాళ్లు. కంప్రెసర్లో ఏదీ మండదు, మసి ఉండదు, అక్కడ శత్రువు నీళ్లు. గాల్లో తేమ ఒత్తిడికి నీరుగా మారుతుంది. ఇంజన్ ఆయిల్‌కు మురికిని తనలో కలుపుకునే గుణం ఉంది కదా, ఆ నీటిని కూడా అలాగే కలుపుకుని మజ్జిగలా అయిపోతుంది. కంప్రెసర్ ఆయిల్ నీటిని విడిచిపెడుతుంది. పైగా డెలివరీ వాల్వు వేడికి ఇంజన్ ఆయిల్ గట్టి మసిగా పేరుకుంటుంది, వాల్వు ప్లేటు మూసుకోదు, ట్యాంకు నిండడానికి ముందు పట్టిన టైముకు రెట్టింపు పడుతుంది, మోటారు కాలిపోతుంది. పంక్చర్ షాపుల్లో ఉండే పిస్టన్ కంప్రెసర్లకు ఎక్కువగా వీజీ 100 అని రాసి ఉంటుంది, మీ దాని మీద ఏముందో చూసుకోండి. రోజూ రాత్రి ట్యాంకు అడుగు వాల్వు తిప్పి నీళ్లు వదలండి.

అపోహ: జాక్‌లో బ్రేక్ ఆయిల్ పోస్తే బాగా లేస్తుంది.

జాక్ సీళ్లు హైడ్రాలిక్ ఆయిల్‌కు తట్టుకునే రబ్బరుతో చేస్తారు. డాట్ 3, డాట్ 4 బ్రేక్ ఆయిల్ అసలు నూనె జాతి కాదు, గ్లైకాల్. దానికి ఆ సీళ్లు మెత్తబడి పాడవుతాయి. బండి కింద మనిషి ఉన్నప్పుడు జాక్ మెల్లగా దిగడం మొదలైతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. బాటిల్ జాక్‌కు సాధారణంగా వీజీ 32 గానీ 46 గానీ హైడ్రాలిక్ ఆయిల్ సరిపోతుంది, ఏది పోసినా కింద స్టాండు పెట్టకుండా బండి కిందికి దూరొద్దు. తిరగేసి చేసే తప్పు ఇంకా ఘోరం: బ్రేక్ డబ్బాలో ఇంజన్ ఆయిల్ పోస్తే కప్పు రబ్బర్లు ఉబ్బి బ్రేకులే పోతాయి.

అపోహ: కాలిన ఆయిల్ చెట్లు కోసే మిషన్ చైన్‌కు సరిపోతుంది.

అందులో లోహపు పొడి ఉంటుంది, చైన్ తిరిగే బారునూ చైన్‌నూ అరగదీస్తుంది. అంతకన్నా ముఖ్యం, చైన్ వేగానికి అది తుంపరలై మీ చేతుల మీద, మొహం మీద పడుతుంది. వాడేసిన ఆయిల్లో క్యాన్సర్ తెచ్చే పదార్థాలు ఉంటాయి. మా కుర్రాళ్లకు నేను చేతికి గ్లౌజులు లేకుండా ఆయిల్ మార్చనివ్వను. దాన్ని కాలవలో పొయ్యకుండా డ్రమ్ములో నింపి, పాత ఆయిల్ కొనేవాళ్లకు ఇచ్చేయండి.

కుట్టు మిషన్‌కు కొబ్బరి నూనె కూడా వద్దు. చలికాలం గడ్డకడుతుంది, మిగతా రోజుల్లో జిగురై పట్టేస్తుంది.

అపోహ: ఏ మర బిగుసుకున్నా ఒక చుక్క ఆయిల్ వేస్తే వదులవుతుంది.

గ్యాస్ వెల్డింగ్ ఆక్సిజన్ సిలిండర్ దగ్గర ఈ మాట ప్రాణం తీస్తుంది. ఎక్కువ ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌కు నూనె, గ్రీజు తగిలితే నిప్పురవ్వ లేకుండానే అంటుకుని పేలుతుంది. రెగ్యులేటర్ మర గట్టిగా ఉన్నా, వాల్వు కిర్రుమన్నా దాని మీద ఏమీ వేయొద్దు. ఆయిల్ అంటిన గ్లౌజులతో, గుడ్డతో ముట్టుకోవద్దు. సబ్బుతో చేతులు కడుక్కుని, పొడిగా తుడుచుకుని, అప్పుడు పట్టుకోండి. అయినా తిరగకపోతే సిలిండర్ వాపసు పంపండి, రెగ్యులేటర్ మార్చండి.