గానుగ ఆగిన ఇల్లు

శ్రీహరిపురం,
విశాఖపట్నం

అమ్మలూ, చిన్నోడా,

మొన్న ఆదివారం ఫోన్లో అమ్మలు అడిగిన ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. నిలబడి రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదది. అందుకే కాగితం తీసుకుని కూర్చున్నాను.

మీ క్లాసులో కరీబియన్ సముద్రంలోని ట్రినిడాడ్ అనే దీవి దేశపు పిల్ల ఒకతె స్టీల్‌పాన్ తెచ్చి వాయించిందన్నావు. అది నూనె డ్రమ్ముతో చేసినదని, వాళ్ళ తాతగారు రిఫైనరీలో పనిచేసేవారని, ఆ రిఫైనరీని అక్కడి గవర్నమెంటే మూసేసిందని ఆ పిల్ల చెప్పిందన్నావు. "సొంత ఫ్యాక్టరీని ఎవరైనా తామే ఎందుకు మూసుకుంటారు తాతయ్యా?" అని అడిగావు. మంచి ప్రశ్న తల్లీ. 2018లో ఆ దేశం మొత్తం ఇదే ప్రశ్న పట్టుకుని గొడవ పడింది.

కిందటి వేసవిలో మన డాబా మీద పడుకున్నప్పుడు మల్కాపురం వైపు ఆకాశంలో ఒక మంట కనిపించేది, గుర్తుందా? "అది ఆరిపోదా?" అని చిన్నోడు రోజూ అడిగేవాడు. అది మన రిఫైనరీ మంట. 1957లో కాల్టెక్స్ అనే అమెరికా కంపెనీ దాన్ని మొదలుపెట్టింది. 1976లో మన ప్రభుత్వం తీసుకుంది. ఇప్పుడది హిందుస్థాన్ పెట్రోలియం వాళ్ళది. ట్రినిడాడ్ వాళ్ళదీ ఇంచుమించు ఇలాంటి కథే. పాయింట్-అ-పియర్ అనే చోట 1917లో ఒక ఇంగ్లీషు కంపెనీ మొదలుపెట్టింది. 1956లో టెక్సాకో అనే అమెరికా కంపెనీ కొంది. 1985లో ప్రభుత్వం చేతికి వచ్చింది. 1993 నుంచి 2018 దాకా దాన్ని నడిపిన ప్రభుత్వ కంపెనీ పేరు పెట్రోట్రిన్.

నల్లటి ముడి చమురు లోపలికి వెళ్ళి పెట్రోలు, డీజిలు, విమానాల నూనె ఎలా అవుతుందో ఇప్పుడు చెప్పను. అది మీ సైన్సు టీచర్ చెప్తారు. నేను చిన్నప్పటి నుంచి ఎరిగింది గానుగ. గానుగతోనే చెప్తాను.

మా అమ్మమ్మగారి ఊరు చోడవరం దగ్గర. వీధి చివర తాటాకు పాకలో ఒక గానుగ ఉండేది. పెద్ద చింతమొద్దును తొలిచి రోలులా చేసి భూమిలో పాతారు. అందులో నిలువుగా ఒక పెద్ద రోకలి. ఆ రోకలికి కట్టిన దూలాన్ని ఎద్దు లాగుతూ గుండ్రంగా తిరిగేది. ఎద్దు కళ్ళకు గంతలు కట్టేవారు, తల తిరక్కుండా. నువ్వులు పోసి, మధ్యమధ్యలో చెంబుతో కాసిని నీళ్ళు చిలకరిస్తే, కాసేపటికి అడుగున ఉన్న కంత లోంచి నూనె సన్నగా జారి కుండలో పడేది. బంగారం రంగు. ఆ వాసనకు వీధిలో పిల్లలమంతా అక్కడ చేరిపోయేవాళ్ళం. గానుగాయనను అందరం "మావా" అనేవాళ్ళం. ఆయనకు కోపం రాని రోజున మమ్మల్ని దూలం మీద ఎక్కించుకునేవాడు. దూలం కిర్రుకిర్రుమంటుంటే మేము ఒకళ్ళ నడుము ఒకళ్ళు పట్టుకుని తిరిగేవాళ్ళం. దిగేటప్పుడు రోల్లోంచి వేడివేడి తెలకపిండి ముద్ద తీసి, బెల్లం ముక్క పెట్టి చేతిలో పెట్టేవాడు. ఇప్పుడు మీరు తినే చాక్లెట్లన్నీ కలిపినా ఆ రుచి రాదు. నిజంగా చెప్తున్నాను.

మొదట్లో ఆ గానుగలో ఆడే నువ్వులన్నీ ఆ ఇంటివాళ్ళ చేలో పండినవే. తర్వాత చేను పలచబడింది. నాలుగు బుట్టలు ఆడాలంటే ఒక్క బుట్టే చేలోంచి వచ్చేది, మూడు బుట్టలు సంతలో కొనాల్సి వచ్చేది. సంతలో నువ్వుల ధర పెరిగినా ఊళ్ళో నూనె ధర ఆయన పెంచలేడు. ఎందుకంటే పట్నం నుంచి మిల్లు నూనె డబ్బాల్లో చవగ్గా దిగేది.

ఇక్కడే ట్రినిడాడ్ వస్తుంది చూడండి. ఆ రిఫైనరీ రోజుకు లక్షా నలభై వేల పీపాల ముడి చమురు ఆడే గానుగ. వాళ్ళ సొంత బావుల్లోంచి పెట్రోట్రిన్‌కు వచ్చేది నలభై వేల పీపాలు. మిగతా లక్ష పీపాలు బయటి దేశాల నుంచి కొనాలి. అంటే ఒక బుట్ట మనది, రెండున్నర బుట్టలు సంతవి.

ఇంకొంచెం సేపు గానుగ దగ్గరే ఉందాం. మావ పెద్దకొడుకు పట్నం చూసొచ్చినవాడు. గానుగ పాతదైపోయింది, కొత్త సామాను పెడితే మిల్లుతో పోటీ పడొచ్చు అని చెప్పి అప్పు చేయించాడు. సామాను వచ్చింది కానీ సరిగ్గా కూర్చోలేదు, ఒక్కరోజు కూడా నడవలేదు. పాక పక్కన గోనెపట్టా కప్పి ఉండేది. మేము దాని చుట్టూ దాగుడుమూతలు ఆడేవాళ్ళం. అప్పు మాత్రం నడుస్తూనే ఉంది. పెట్రోట్రిన్ కూడా అంతే. పెద్ద పెద్ద అప్పులు తెచ్చి కొత్త పనులు మొదలుపెట్టారు. డీజిల్లో గంధకం తీసేయడానికి కట్టిన ఒక ప్లాంటు కంపెనీ మూతపడే రోజు దాకా పనిలోకి రాలేదు. అప్పు 1,200 కోట్ల ట్రినిడాడ్ డాలర్లకు చేరింది. మూతకు ముందు ఐదేళ్ళలో నష్టం సుమారు 800 కోట్లు. ఆ అప్పులో 85 కోట్ల అమెరికన్ డాలర్ల బాకీ ఒకటి 2019 ఆగస్టులో ఒకేసారి కట్టాలి. ఆ గడువు దగ్గరపడుతుంటే ఆ ఇంటి పెద్దకు నిద్ర పట్టదు కదా.

2018 ఆగస్టు 28న కంపెనీ బోర్డు రిఫైనరీ మూసేస్తున్నామని చెప్పింది. కొద్దిరోజులకు ప్రధాని కీత్ రౌలీ టీవీలో దేశంతో మాట్లాడారు. ఇలాగే నడపాలంటే ఇంకా 2,500 కోట్ల ట్రినిడాడ్ డాలర్లు పోయాలి, అంత మన దగ్గర లేదు అన్నది ప్రభుత్వం మాట. రిఫైనరీ ఆపేసి, మన చమురు మనం తీసి అమ్ముకుందాం, పెట్రోలు బయట కొనుక్కుందాం అన్నారు. గానుగ మానేసి నువ్వులు సంతలో అమ్మి, నూనె డబ్బా కొట్టులో కొనుక్కోవడం అన్నమాట.

ఆయిల్‌ఫీల్డ్స్ వర్కర్స్ ట్రేడ్ యూనియన్ అని అక్కడ పాత సంఘం ఒకటుంది. 1937లో చమురు కూలీలు చేసిన సమ్మె లోంచి పుట్టింది. ఆ సమ్మె మొదలైన జూన్ 19ని ఆ దేశం ఇప్పటికీ కార్మిక దినంగా జరుపుకుంటుంది. సంఘం నాయకుడు ఆన్సెల్ రోజెట్ ఊరుకోలేదు. అప్పులు చేసింది పైన కూర్చున్నవాళ్ళు, పని పోయేది కిందివాళ్ళకా అని ఊరూరా అడిగారు. సెప్టెంబరు 7న అందరూ పని మాని ఇంట్లో ఉండి ఆలోచించండి అని పిలుపిచ్చారు. ఎక్కడ చూసినా ఇదే వాదన. ఒకరు లెక్క చెప్తే ఇంకొకరు ఇల్లు గడిచే సంగతి చెప్పారు. సుమారు ఐదు వేల ఉద్యోగాలు పోయాయి. నవంబరు కల్లా రిఫైనరీ చల్లారిపోయింది.

మీకు ఇది కొత్తగా ఉంటుందేమో గానీ, మా ఊళ్ళో మేము ఈ మాటలన్నీ విన్నాం. 2021లో స్టీల్ ప్లాంటును అమ్మేస్తామని ఢిల్లీ వాళ్ళు అన్న రోజు నుంచి గాజువాకలో, కూర్మన్నపాలెంలో ఎన్ని శిబిరాలు వేశారో! "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని మేము కుర్రతనంలో అరిచిన మాటే మళ్ళీ వినబడింది. నష్టం అని వాళ్ళు, సొంత గని ఇవ్వకుండా నష్టం అంటారేమిటని వీళ్ళు. ట్రినిడాడ్ వాదన వింటుంటే ఇంటి పక్కవాళ్ళు మాట్లాడుకున్నట్టే ఉంటుంది.

నా మనసులో మాట కూడా చెప్పాలి. లెక్క అబద్ధం కాదు. పెట్రోట్రిన్‌ను ముక్కలుగా విడదీశాక చమురు తీసే పని హెరిటేజ్ అనే కొత్త ప్రభుత్వ కంపెనీకి ఇచ్చారు, అది లాభాల్లోకి వచ్చింది కూడా. కానీ నా కళ్ళ ముందు మావ గానుగే తిరుగుతుంది. గానుగ ఆపేశాక చింతమొద్దుకు నూనె తడి అందలేదు. ఒక వేసవికే పెళపెళమని బీట తీసింది. ఎద్దును సంతలో అమ్మేశారు. రెండేళ్ళకు నూనె ధర పెరిగి, మళ్ళీ ఆడితే బాగుండునని మావ అనుకున్నాడు కానీ, బీట వారిన రోలులో ఏం ఆడతాడు? పాయింట్-అ-పియర్ విషయంలో నా బెంగ అదే. మూడు నెలల్లో మూసేశారు. ఇనుప గొట్టాలకు ఉప్పుగాలి తగులుతుంటే, పని తెలిసిన చేతులు ఊళ్ళు పట్టిపోతుంటే, తర్వాత తెరుద్దామన్నా ఎంత కష్టం! ఆ కార్మిక సంఘమే పేట్రియాటిక్ అని ఒక కంపెనీ పెట్టి మేమే కొని నడుపుతామంది. 2019లో ప్రభుత్వం సరే అని ఆ పేరే ముందు పెట్టింది. డబ్బు దగ్గర, షరతుల దగ్గర బేరం తెగలేదు. 2025 ఎన్నికల్లో కూడా మళ్ళీ తెరవాలన్న మాట వచ్చింది.

పెద్దయ్యాక మీరు ఇలాంటి వాదనలు చాలా వింటారు. నష్టం ఎంతో చూడండి, తప్పదు. దాంతో పాటు, అప్పు తెచ్చేటప్పుడు సంతకం ఎవరు పెట్టారు, తీర్చేటప్పుడు ఎవరి కంచంలో అన్నం తగ్గింది అన్నది కూడా అడగండి. గానుగ విషయంలో సంతకం పెట్టిన పెద్దకొడుకు పట్నంలో కొట్టు పెట్టుకుని బాగానే బతికాడు. ఎద్దును తోలిన మనిషి మాత్రం ఆ యేడు కూలికి చెరుకు నరకడానికి వెళ్ళాడు. చేతుల నిండా చెరుకాకు కోతలతో సాయంత్రం మా అరుగు మీద కూర్చుని నీళ్ళు అడిగేవాడు. మా అమ్మమ్మ నీళ్ళతో పాటు మజ్జిగ కూడా ఇచ్చేది. ఆయన తాగుతూ పాక వైపు చూసేవాడు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ఎందుకు చూస్తున్నాడో తెలిసేది కాదు.

ఇంకొక సంగతి, మీ ఫ్రెండ్‌కు చెప్పు అమ్మలూ. వాళ్ళ దేశానికీ మనకూ చుట్టరికం ఉంది. 1845 నుంచి 1917 దాకా మన దేశం నుంచి లక్షా నలభై వేల మందికి పైగా చెరుకు తోటల్లో కూలికి ట్రినిడాడ్ వెళ్ళారు. ఎక్కువమంది కలకత్తా ఓడల్లో వెళ్ళారు. కొందరు మద్రాసు ఓడల్లో వెళ్ళారు, వాళ్ళలో తమిళులు, మన తెలుగువాళ్ళు ఉన్నారు. కూలీల ఓడలు ఆగిన 1917లోనే ఆ రిఫైనరీ మొదలైంది. తోటల్లో చెరుకు నరికినవాళ్ళ పిల్లలు కొందరు తర్వాత ఆ గొట్టాల మధ్య పనికి చేరారు. వాళ్ళ మునిమనవళ్ళే 2018లో గేటు బయట నిలబడి ఉంటారని తలుచుకుంటే నాకు గుండె బరువెక్కుతుంది.

చిన్నోడికి ఒక మాట. ఆ రిఫైనరీ ఆవరణలోనే రెండు చెరువులున్నాయి. 1966 నుంచి అక్కడ నీటిపక్షులను సంరక్షిస్తున్నారు. ఆ గొట్టాలూ, ట్యాంకులూ ఉన్న చోటే బాతులు, కొంగలు పిల్లల్ని పెంచుకుంటాయి. ట్రినిడాడ్ జాతీయ పక్షి స్కార్లెట్ ఐబిస్ ఒళ్ళంతా కుంకుమ పోసినట్టు ఎర్రగా ఉంటుంది. గూగుల్లో బొమ్మ చూడు. ఆ రంగు అది తినే పీతలు, రొయ్యల్లోంచి వస్తుందట! తిన్నది ఈకల్లోకి రంగై ఎలా ఎక్కుతుందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇక ఆ స్టీల్‌పాన్ సంగతి. నూనె ఖాళీ అయిన డ్రమ్మును పారేయకుండా, దాని అడుగువైపు సుత్తితో కొట్టి కొట్టి గిన్నెలా లోపలికి దింపి, గళ్ళు గళ్ళుగా శ్రుతి చేస్తారు. ఏ గడి మీద కొడితే ఏ స్వరం వస్తుందో నేను చెప్పను. వచ్చే వారం ఆ పిల్లను అడిగి ఒక్కసారి చేతికి తీసుకో. అంచున ఉన్న పెద్ద గడి మీద మెల్లగా ఒక దెబ్బ, మధ్యలో ఉన్న చిన్న గడి మీద ఒక దెబ్బ. రెండూ విను. వాళ్ళ తాతగారు అక్కడ ఉంటే, డ్యూటీ దిగి ఇంటికొచ్చినప్పుడు ఆయన చొక్కా ఏ వాసన వేసేదో కూడా అడుగు. ఆదివారం ఫోన్ చేసినప్పుడు రెండు సంగతులూ నాకు చెప్పాలి.

మీ అమ్మకు చెప్పండి, మామిడల్లం పచ్చడి సీసా పోస్టులో వేశాను.

మీ తాతయ్య