తాతయ్య తీర్పు: సూపర్ హీరోల పంచాయితీ

సత్యనారాయణపురం,
విజయవాడ.

చిరంజీవులు పండుకీ చిన్నికీ తాతయ్య ఆశీర్వదించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరూ, మీ అమ్మానాన్నా క్షేమమని తలుస్తాను. మీరు రైలెక్కిన మర్నాడు "హమ్మయ్య, టీవీ నా చేతికొచ్చింది" అంది మీ అమ్మమ్మ. నాలుగు రోజులు తిరక్కుండానే సీరియల్ మధ్యలో నా వైపు తిరిగి, "ముసుగేసుకున్న ఆ పిల్లి ఇంకా ఉందా?" అని అడిగింది. దాని సంగతి తరవాత రాస్తాను.

వేసవి సెలవలంతా కొట్టుకుని, తెగక, ఈమధ్య వచ్చిన సూపర్ హీరో గేముల్లో ఏది గొప్పదో తేల్చమని నా నెత్తిన పడేసి పోయారు కదా. పండుగాడేమో బ్యాట్‌మాన్ అంటాడు. చిన్నేమో మార్వెల్ రైవల్స్ అంటుంది. రెండు నెలలుగా మీ మావయ్య ప్లేస్టేషన్ గేము మిషన్ ముందు కూర్చుని అన్నీ ఒక చెయ్యి చూశాను. కొన్ని పూర్తిచేశాను, కొన్నిట్లో సగంలో చేతులెత్తేశాను. డెబ్బై రెండేళ్ళ వాణ్ణి, వేళ్ళ కణుపులు వాచి ఉంటాయి. అయినా తీర్పు చెప్పే అర్హత నాకుందనే నా నమ్మకం. గాంధీనగర్‌లో ఒక సినిమా హాల్లో ముప్పై ఏళ్ళు ఆపరేటర్‌గా చేశాను. క్యాబిన్ గోడకున్న జానెడు కన్నంలోంచి నేను చూసినంతమంది హీరోలను ఈ బెజవాడలో ఇంకెవరూ చూసి ఉండరు. హీరో తెర మీదకు రాగానే ఈలలు, కాగితాలు చల్లడం, అదంతా మామూలే. హాలు గుక్క తిప్పుకోకుండా చూసేది మాత్రం హీరో చేతిలో కత్తి జారిపోయినప్పుడు. నేల టికెట్టు వాడు బీడీ పీల్చడం మరిచిపోతాడు. పైనుంచి చూస్తే ఆ నిప్పుకణికలన్నీ ఒక్కసారే మసకబారేవి.

అందుకే ముందు ఓడిపోయినవాడితో మొదలుపెడతాను. సూపర్‌మాన్. ఎగరగలడు, రైలును ఆపగలడు, తుపాకీ గుండు తగిలినా చొక్కా నలగదు. అంతటివాడికి ఇన్నేళ్ళుగా ఒక్క గొప్ప గేము కుదరలేదు. 1999లో నింటెండో 64 అనే గేము మిషన్ మీద వచ్చినదాంట్లో పాపం ఆయన్ని పొగమంచులో ఎగిరించి, గాల్లో వేలాడే రింగుల్లోంచి దూరించారు. చెత్త గేముల పేర్లు చెప్పమంటే జనం ఇప్పటికీ దాన్నే తలుచుకుంటారు. 2006లో సూపర్‌మాన్ రిటర్న్స్ గేము చేసినవాళ్ళు కాస్త బుర్ర పెట్టారు. ఈయనకు ఎలాగూ దెబ్బ తగలదు గనక, ప్రాణం ఎంత మిగిలిందో చూపే గీతను ఊరికి పెట్టారు. మెట్రోపోలిస్ నగరం దెబ్బతినేకొద్దీ గీత తరుగుతుంది. ఆలోచన మంచిదే, ఆట అంతంతమాత్రం.

మన ఇంద్రకీలాద్రి కథ మీకు చెప్పాను కదా. అర్జునుడు పాశుపతం కోసం అక్కడ తపస్సు చేస్తే శివుడు బోయవాడి వేషంలో వచ్చి తగువు పెట్టుకున్నాడు. అక్షయ తూణీరాలు ఖాళీ అయ్యాయి. గాండీవం కూడా చేజారింది. ఇక మిగిలింది వట్టి చేతులే. మెట్ల మీద కూర్చుని నేను ఆ కథ చెబుతుంటే చిన్ని ఎక్కడ నా చెయ్యి పట్టుకుందో గుర్తుందా? బాణాలు అయిపోయిన చోట.

ఇప్పుడు స్పైడర్‌మాన్. అమెరికాలో ఇన్సోమ్నియాక్ గేమ్స్ అనే సంస్థ 2018 సెప్టెంబరులో తెచ్చిన మార్వెల్స్ స్పైడర్‌మాన్. ఇందులో దారం దేనికో ఒకదానికి అంటుకోవాలి. మేడల మధ్య అయితే మేడకు, పార్కులో అయితే చెట్టుకు. అంటుకోడానికి ఏమీ లేకపోతే మామూలు మనిషిలా పరిగెత్తాల్సిందే. రిమోట్ మీద ఆర్-2 మీట నొక్కితే దారం పడుతుంది, నొక్కి ఉంచితే ఊగుతాడు, వదిలితే ఎగురుతాడు. విద్యంతా ఆ వదలడంలో ఉంది. ఊపు అడుగుకు దిగి మళ్ళీ లేవబోతుండగా వదిలితే బాణంలా ముందుకు పోతాడు. చివరిదాకా పట్టుకుని వదిలితే ఎత్తుకు లేస్తాడు గానీ ముందుకు పోడు. మొదటి రోజు పండు నా చెవిలో "వదులు తాతయ్యా, వదులు" అని అరుస్తూనే ఉన్నాడు, నేను భయంతో రిమోట్‌ను ఇంకా గట్టిగా పట్టుకుని గోడకు కొట్టుకుంటూనే ఉన్నాను.

మూడో రోజు తెలిసింది. మా రోజుల్లో క్యాబిన్‌లో రెండు ప్రొజెక్టర్లు ఉండేవి. ఒకదాని మీద రీలు అయిపోవస్తుంటే బొమ్మకు కుడి పక్క పై మూల చిన్న చుక్క మెరుస్తుంది. అది చూసి రెండో మిషన్ మోటారు వెయ్యాలి. కొద్ది సెకన్లకు రెండో చుక్క. అది మెరిసిన క్షణాన ఇటు మూసి అటు తెరవాలి. కాస్త ఆలస్యమైతే తెర తెల్లబోతుంది, హాలంతా లేచి "ఒరేయ్ ఆపరేటరూ" అంటూ నా ఏడు తరాలనూ తలుచుకుంటుంది. ఒకసారి సెకండ్ షోలో కునుకు పట్టి ఆ పూజ కూడా అయింది. స్పైడర్‌మాన్ ఊపులో మూడో రోజు నాకు ఆ చుక్క కనబడింది. ఇక ఆగలేదు. ఆ రాత్రి పదకొండు దాటినా న్యూయార్క్ సెంట్రల్ పార్కు చుట్టూ తిరుగుతూనే ఉన్నాను.

ఇదే మనిషిని మన ఊళ్ళో వదిలితే ఎలా ఉంటుందా అని కూడా ఆలోచించాను, వేరే పనేముంది నాకు. బెంజి సర్కిల్ నుంచి బందరు రోడ్డు వెంబడి మేడలకు కొదవ లేదు, కరెంటు తీగలు చూసుకుంటే చాలు. ప్రకాశం బ్యారేజీ దగ్గరకొచ్చేసరికి చిక్కు. కిలోమీటరు పైన నీళ్ళు. దారం వేద్దామంటే పైన ఆకాశం తప్ప ఏముంది? సీతానగరం పోవాలంటే బాబు ఆటో ఎక్కాలి. 2023 అక్టోబరులో వచ్చిన రెండో భాగంలో ఊరు నది దాటి బ్రూక్లిన్, క్వీన్స్ దాకా పెరిగింది. అందులో చేతుల కింద పొర లాంటి రెక్కలు పెట్టారు, నది మీద గాలి వాలున జారిపోవచ్చు. నాలాంటివాళ్ళకు ఇంకో మేలు చేశారు. ఆట వేగాన్ని నూటికి డెబ్బైకీ, యాభైకీ, ముప్పైకీ తగ్గించుకోవచ్చు. నేను డెబ్బైలో ఆడతాను. పండు దీన్ని మోసం అన్నాడు. కళ్ళజోడు పెట్టుకుని పేపరు చదవడం మోసమైతే ఇదీ మోసమే.

రెండో భాగం ఎంత పెద్దదైనా నా మనసు మొదటిదాని మీదే ఉంది. స్పైడర్‌మాన్ ముసుగు తీస్తే పీటర్ అనే మామూలు కుర్రాడు. ఊరిని కాపాడి ఇంటికొచ్చేసరికి అద్దె కట్టలేదని వాడి చేత గది ఖాళీ చేయించేస్తారు! సామాను చెత్త లారీలో పోతే దాని వెనక పరిగెత్తుతాడు. ఇంకొకటి, పన్నెండు పావురాలను పోగొట్టుకున్న హోవర్డ్ అనే ముసలాయన. ఇల్లూ వాకిలీ లేని మనిషి. ఒక్కో పావురాన్నీ వెంటాడి పట్టి తేవాలి. మీరిద్దరూ "ఇది బోరు" అని వదిలేశారు. నేను పన్నెండూ పట్టాను. రెండో భాగంలో ఆయన మళ్ళీ కనిపించి తన పావురాలను ఇంకో చోటికి చేర్చిపెట్టమంటాడు. అక్కడ తన్నులు లేవు, పరుగు పందెం లేదు, పక్షుల వెంట ఎగురుతూ పోవడమే. ఆ తరవాత ఏమవుతుందో రాయను. అది ఆడిన రోజు మీ అమ్మమ్మ "కళ్ళెందుకు అలా ఉన్నాయి" అంటే టీవీ వెలుగు అన్నాను.

పిల్లి సంగతి: అది 2020లో వచ్చిన మైల్స్ మొరాలెస్ గేములోది. మైల్స్ కొత్త స్పైడర్‌మాన్, పీటర్ ఊళ్ళో లేనప్పుడు ఊరు వాడి మీద పడుతుంది. ఒక వేషంలో వీపు సంచిలో పిల్లి ఉంటుంది, దానికీ స్పైడర్‌మాన్ ముసుగు. వీడు చివరి దెబ్బ కొడుతుంటే అదీ సంచిలోంచి తల బయటపెట్టి ఒక పంజా విసురుతుంది. అమ్మమ్మకు చెప్పాను. ఉంది, ఎక్కడికీ పోలేదు.

పండూ, నీ బ్యాట్‌మాన్‌కు వస్తున్నా. లండన్‌లోని రాక్‌స్టెడీ వాళ్ళు 2009లో ఆర్కం అసైలం, 2011లో ఆర్కం సిటీ, 2015లో ఆర్కం నైట్ చేశారు. ఈమధ్యవి కావు గానీ తరవాత వచ్చినవాళ్ళందరూ తన్నులాట అక్కడే నేర్చుకున్నారు. మీటలన్నీ టకటకా నొక్కితే దెబ్బల వరస తెగిపోతుంది, ఎదుటివాడి తల మీద గుర్తు మెరిసినప్పుడు మాత్రమే కాచుకోవాలి. మళ్ళీ అదే చుక్క! వీడికి తుపాకీ అంటే భయం. కొన్ని గుండ్లు తగిలితే పని అయిపోతుంది, అందుకే చీకట్లో రాతి బొమ్మల మీద గబ్బిలంలా కూర్చుని ఒక్కొక్కణ్ణే లాగేస్తాడు. మిగిలినవాళ్ళ గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో తెర మీద అంకెల్లో కనిపిస్తుంది. తోటివాళ్ళు తగ్గేకొద్దీ ఆ అంకె పెరుగుతుంది. ఇంత మంచి ఆలోచన నేను సినిమాల్లోనూ చూడలేదు. ఆ గొంతు కెవిన్ కాన్‌రాయ్ గారిది. 1992 నుంచి కార్టూన్లలో బ్యాట్‌మాన్‌కు మాట్లాడిన మనిషి, 2022 నవంబరులో పోయారు. ఆర్కం నైట్‌లో మాత్రం కారును యుద్ధ ట్యాంకు చేసి మాటిమాటికీ దాంట్లో ఎక్కించి విసిగించారు.

అదే రాక్‌స్టెడీ 2024 ఫిబ్రవరిలో సూసైడ్ స్క్వాడ్ తెచ్చింది. అందులో మనం ఆడేది నలుగురు దుర్మార్గులుగా, వాళ్ళలో ఒకడు సొరచేప. సొరచేపకు తుపాకీ ఇచ్చారు! అంత నోరు, అన్ని పళ్ళు పెట్టుకుని వాడు తుపాకీ పేల్చుకుంటూ తిరగాలి. కాల్చు, కొత్త తుపాకీ తీసుకో, దాని అంకె పాతదానికంటే ఎక్కువుందా చూడు, మళ్ళీ కాల్చు. ఆ గేము మూలంగా దాన్ని అమ్మిన వార్నర్ సంస్థకు 20 కోట్ల డాలర్ల దెబ్బ తగిలింది. 2020లో వచ్చిన మార్వెల్స్ అవెంజర్స్‌దీ ఇదే జబ్బు. రోజూ కొట్టు తెరిచి కూర్చోవాలని చేసిన గేములివి. అవెంజర్స్‌ను 2023 సెప్టెంబరు ఆఖరుతో అమ్మకం కూడా ఆపేశారు. దాని గురించి ఇంతకంటే రాయడం సిరా దండగ.

ఆ దెబ్బకు జనం భయపడి పక్కన పెట్టేసిన మంచి గేము ఒకటుంది. 2021 అక్టోబరులో వచ్చిన గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ. ఇందులో మీరు జట్టు నాయకుడు స్టార్‌లార్డ్ ఒక్కడే. జట్టులో మిగతా నలుగురు, గమోరా, డ్రాక్స్, రకూన్ జంతువు రాకెట్, చెట్టు మనిషి గ్రూట్, మీ చేతిలో ఉండరు, వాళ్ళకు పని పురమాయించాలంతే. పురమాయిస్తే చేస్తారు, చేస్తూ సణుగుతారు. ఓసారి లోయ దాటడానికి డ్రాక్స్ చేత రాకెట్‌ను అవతలికి విసిరించవచ్చు, ఆ రాకెట్ ఇక ఎంతసేపు తిట్టిపోస్తాడో! యుద్ధం మధ్యలో అందర్నీ చుట్టూ చేర్చుకోవచ్చు. వాళ్ళు మరీ పొంగిపోయి మాట్లాడుతున్నారా, నీరుగారిపోయారా అన్నది విని దానికి తగ్గ మాట చెప్పాలి. తప్పు మాట చెబితే ఊపు మీ ఒక్కడికే వస్తుంది, మిగతావాళ్ళు మొహాలు చూసుకుంటారు. ఉమ్మడి కుటుంబంలో పెరిగినవాడికి ఇది కొత్తగా నేర్పక్కర్లేదు.

చిన్నీ, నీ మార్వెల్ రైవల్స్. చైనా వాళ్ళ నెట్‌ఈజ్ 2024 డిసెంబరులో వదిలింది, డబ్బు కట్టక్కర్లేదు, వేషాలకు మాత్రం డబ్బు గుంజుతారు. ఆరుగురితో ఆరుగురు. మొదటి రోజే 33 మంది హీరోలున్నారు, గోడలు కూలతాయి, గ్రూట్ భుజమెక్కి రాకెట్ సవారీ చేస్తాడు. నువ్వు ఎప్పుడూ వైద్యం చేసే పాత్రే తీసుకుంటావు, జట్టు ఓడితే తిట్లు నీకే పడతాయి. నీ వెనక కూర్చుని చూస్తే నాకే ఉక్రోషం వచ్చేది. జెఫ్ అనే ఆ సొరచేప పిల్ల ఎదుటి జట్టును మొత్తం మింగి, గట్టు అవతలికి పోయి ఉమ్మేసినప్పుడు మాత్రం నేనూ ఈల వేశాను. నువ్వు వినలేదు, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్నావు. సొరచేపను ఎలా వాడాలో వీళ్ళకు తెలుసు.

2022 డిసెంబరులో వచ్చిన మిడ్‌నైట్ సన్స్‌లో దెబ్బలన్నీ పేకముక్కల్లా చేతిలోకొస్తాయి, వచ్చిన ముక్కతోనే గెలవాలి. రమ్మీ ఆడేవాళ్ళు ఒదలరు. బ్లేడ్ అనే పిశాచాల వేటగాడు అందులో పుస్తకాలు చదివే సంఘం పెడతాడు.

తీర్పు. మొదటి పీట 2018 స్పైడర్‌మాన్‌కు. దాని పక్కనే, చెయ్యి తగిలేంత దగ్గరగా, గార్డియన్స్. ఆర్కం సిటీ ఈమధ్యది కాదు గనక పోటీలో కలపకుండా పెద్దరికం ఇచ్చి పైన కూర్చోబెడతాను, పండు అలిగినా ఇంతే. చిన్నీ, రైవల్స్‌కు పీట వెయ్యలేదు, అది రోజూ మారేది, రేపు ఎలా ఉంటుందో చూసి అప్పుడు వేద్దాం.

ఒక సంగతి. ఆ రిమోట్‌కు చార్జింగ్ పెట్టే తీగ మీ సంచిలో వెళ్ళిపోయినట్టుంది. మావయ్య తన ఫోను తీగ ఇచ్చాడు గానీ అది జానెడు లేదు, టీవీకి మూరెడు దూరంలో నేల మీద కూర్చుని ఆడుతుంటే అమ్మమ్మ ఒకటే సాధింపు. మీ నాన్న దసరాకు ముందే ఆఫీసు పని మీద ఇటు వస్తాడట, ఆయనకిచ్చి పంపండి. వచ్చేటప్పుడు ఖాళీ సీసాలు కూడా తెమ్మనండి, ఆవకాయ ఇంకా రెండు జాడీలు ఉంది.

మీ
తాతయ్య