చార్టర్ స్కూల్ బోర్డులో కూర్చోమన్నారా? కాలిఫోర్నియా తెలుగు పేరెంట్స్‌కి అపోహలు - వాస్తవాలు

పిల్లల్ని చార్టర్ స్కూల్లో చదివిస్తున్న తెలుగువాళ్లకి ఎప్పుడో ఒకసారి ఈ పిలుపు వస్తుంది: "బోర్డులో ఒక సీటు ఖాళీ అయింది, మీకు ఫైనాన్స్ తెలుసు కదా, రాకూడదూ?" జీతం లేదు, నెలకో మీటింగ్, స్కూలుకి సాయం చేసినట్టూ ఉంటుంది. సరేనంటారు. మొదటి ఏడాది చేసే పొరపాట్లు మాత్రం ఎవరివి చూసినా ఒకేలా ఉంటాయి. ఇక్కడ చెప్పేదంతా కాలిఫోర్నియా చట్టం. టెక్సాస్‌లోనో నార్త్ కరోలినాలోనో ఉంటే గడువులూ పేర్లూ వేరు, అక్కడివి చూసుకోవాలి.

అపోహ: చార్టర్ స్కూలంటే ప్రైవేటు బడి, బోర్డంటే దాని యాజమాన్యం.

కాదు, పబ్లిక్ స్కూలే. సాధారణంగా స్కూల్ డిస్ట్రిక్ట్ ఇచ్చే చార్టర్ అనే అనుమతితో, ప్రభుత్వ డబ్బుతో నడుస్తుంది. 1991లో మిన్నెసోటా మొదటి చట్టం చేసింది, 1992లో కాలిఫోర్నియా రెండోది. ఫీజు ఉండదు. సీట్ల కన్నా అప్లికేషన్లు ఎక్కువైతే అందరి ముందూ లాటరీ తీయాల్సిందే. వాలంటీర్ గంటలు చేస్తేనే సీటు అనకూడదు. 2019 జూలై 1 నుంచి లాభం కోసం నడిచే కంపెనీలు ఇక్కడ చార్టర్ స్కూలు నడపడానికి వీల్లేదు. కాబట్టి మన ఊళ్లో కరస్పాండెంట్ గారు చీటీ రాసిస్తే అడ్మిషన్ దొరికే పద్ధతి మనసులోంచి తీసేయండి.

విద్యాహక్కు చట్టం కింద మన సర్కారు బడుల్లో ఉండే స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీతో కూడా పోల్చకండి. అక్కడ నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, కానీ టీచర్‌కి జీతమిచ్చేది ప్రభుత్వం. ఇక్కడ సాధారణంగా ఒక నాన్‌ప్రాఫిట్ సంస్థ టీచర్లకి యజమాని, ఆ సంస్థకి బోర్డు బాధ్యత వహిస్తుంది. ఇంత తేడా ఉంది.

అపోహ: బోర్డు మెంబర్‌ని కాబట్టి క్లాసుకెళ్లి చూడొచ్చు, టీచర్ని అడగొచ్చు.

బోర్డు అధికారం మీటింగ్‌లో ఉంది, మెంబర్‌లో లేదు. ముందుగా నోటీసు పెట్టి, కోరం (మీటింగ్‌కి కావాల్సిన కనీస సభ్యుల సంఖ్య) కూడి, ఓటు వేసినప్పుడు మాత్రమే మీ మాటకి బలం. మీటింగ్ ముగిసిందని గేవెల్ (సుత్తి) కొట్టాక పార్కింగ్ లాట్‌లో మీరు కూడా ఒక పేరెంట్, అంతే.

బోర్డు నియమించేదీ, పనితీరు అంచనా వేసేదీ మామూలుగా ఒకే ఒక్క ఉద్యోగిని: ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్‌ని. మిగతా సిబ్బంది ఆయన కింద. మీరు నేరుగా ఐదో తరగతి టీచర్‌కి సలహా చెబితే, రేపు ఆ క్లాసు ఫలితాలకి డైరెక్టర్‌ని నిలదీయలేరు. "బోర్డు మెంబరే చెప్పారు కదా" అంటారు.

శనివారం గుడి దగ్గర ఎవరో ఆపి "మ్యాథ్స్ టీచర్ ఏమీ చెప్పట్లేదట, మీరు బోర్డులో ఉన్నారు కదా" అంటారు. కథంతా వినకండి. "ముందు టీచర్‌తో మాట్లాడండి, తర్వాత ప్రిన్సిపాల్, అప్పటికీ కాకపోతే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, ఫారం స్కూల్ వెబ్‌సైట్‌లో ఉంటుంది" అని చెప్పి ఆపేయండి. ఇది మొహం చాటేయడం కాదు. అదే గొడవ పెరిగి అప్పీలుగా బోర్డు ముందుకి వస్తే, ఒక పక్షం కథ ముందే విన్న మీరు తీర్పు చెప్పే స్థానం నుంచి లేచిపోవాల్సి రావచ్చు. అలా ఇద్దరు లేచిపోతే చిన్న బోర్డుకి కోరం కూడా మిగలదు.

డైరెక్టర్ పనితీరుకి ఆగస్టులోనో సెప్టెంబర్‌లోనో నాలుగైదు లక్ష్యాలు రాసి ఓటు వేయించండి. రాయకపోతే జూన్‌లో జరిగేది మూల్యాంకనం కాదు, ఆ నెలలో ఎవరికి కోపం వచ్చిందన్న చర్చ.

అపోహ: వాట్సాప్ గ్రూపులో మాట్లాడుకుని మీటింగ్‌లో ఓటేస్తే టైము కలిసొస్తుంది.

తెలుగువాళ్లు ఎక్కువగా జారిపడేది ఇక్కడే. మనకి ప్రతిదానికీ ఒక గ్రూపు ఉండాలి కదా.

ఏడుగురు సభ్యుల బోర్డు అనుకోండి, నలుగురు మెజారిటీ. బడ్జెట్ కోతల గురించి మీరు ఒకరికి ఫోన్ చేశారు. ఆయన ఇంకొకరికి మెసేజ్ పెట్టారు. ఆవిడ నాలుగో సభ్యుడితో "వాళ్లిద్దరూ సరే అంటున్నారు, మీరేమంటారు?" అన్నారు. నలుగురూ ఒక గదిలో కూర్చోలేదు, ఒకే గ్రూపులో కూడా లేరు. అయినా బ్రౌన్ యాక్ట్ (ప్రభుత్వ బోర్డుల మీటింగులు అందరి ముందూ జరగాలనే రాష్ట్ర చట్టం) లెక్కలో ఇది మీటింగే. దీన్ని సీరియల్ మీటింగ్ అంటారు, నిషిద్ధం. ఆ నిర్ణయాన్ని కోర్టులో కొట్టేయించొచ్చు. చార్టర్ స్కూళ్లకి బ్రౌన్ యాక్ట్ వర్తిస్తుందా లేదా అన్న పాత వాదన ఎస్‌బీ 126 అనే రాష్ట్ర చట్టంతో ముగిసింది. 2020 జనవరి 1 నుంచి బ్రౌన్ యాక్ట్, పబ్లిక్ రికార్డ్స్ యాక్ట్ (ఎవరైనా అడిగితే రికార్డులు చూపించాలనే చట్టం), ప్రభుత్వ బోర్డులకున్న ప్రయోజనాల వైరుధ్య (కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంట్రెస్ట్) చట్టాలు అన్నీ వర్తిస్తాయి.

గ్రూపు ఉంటే "పది నిమిషాలు లేటవుతుంది" వరకే. బోర్డు ఫైళ్లు పంపే ఈమెయిల్‌లో పేర్లన్నీ బీసీసీలో పెట్టమనండి, పొరపాటున 'రిప్లై ఆల్' నొక్కే ప్రమాదం పోతుంది. డైరెక్టర్ ఒక్కొక్కరికీ విడివిడిగా వివరాలు చెప్పొచ్చు, కానీ ఒకరి అభిప్రాయాన్ని ఇంకొకరికి మోయకూడదు. ఫేస్‌బుక్‌లో స్కూలు విషయం మీద తోటి సభ్యుడు పెట్టిన పోస్టుకి మీరు లైకు కొట్టినా తప్పే. సొంత ఫోన్ కదా అన్న ధీమా కూడా వద్దు: పబ్లిక్ పని గురించి సొంత ఫోన్‌లో, సొంత ఈమెయిల్‌లో రాసినవీ పబ్లిక్ రికార్డులేనని రాష్ట్ర సుప్రీంకోర్టు 2017లో శాన్ హోసే నగరం కేసులో తేల్చింది.

మామూలు మీటింగ్‌కి ఏజెండా 72 గంటల ముందు, ప్రత్యేక మీటింగ్‌కి 24 గంటల ముందు అందరికీ కనబడేలా పెట్టాలి. ఏజెండాలో "బడ్జెట్" అని ఒక్క ముక్క రాస్తే చాలదు. "రెండో ఇంటరిమ్ రిపోర్టు: చర్చ, ఆమోదం" అని ఉండాలి (ఇంటరిమ్ అంటే ఏడాది మధ్యలో ఇచ్చే లెక్కల నివేదిక). అందులో లేని విషయం మీద పేరెంట్ ఎవరైనా మైకులో మాట్లాడితే వినొచ్చు, క్లుప్తంగా జవాబివ్వొచ్చు, వచ్చే ఏజెండాలో పెట్టమనొచ్చు. అక్కడికక్కడ చర్చ మొదలుపెట్టకూడదు.

క్లోజ్డ్ సెషన్ అంటే ఇబ్బందికరమైనవన్నీ దాచుకునే గది కాదు. సిబ్బంది వ్యవహారాలు, కోర్టు కేసులు, స్థలం ధర బేరాలు, విద్యార్థి క్రమశిక్షణ లాంటి చట్టం చెప్పిన విషయాలే అందులో. అడ్మిషన్లు పడిపోయాయన్న సంగతి ఎంత చేదుగా ఉన్నా బయటే మాట్లాడాలి.

అపోహ: వేసవిలో ఇండియా వెళ్లినా జూమ్‌లో ఓటేయొచ్చు.

మామూలు టెలీకాన్ఫరెన్స్ నియమం ప్రకారం మీరు విజయవాడలో అత్తగారింటి నుంచి చేరాలంటే ఆ ఇంటి అడ్రసు ఏజెండాలో వేయాలి, ఆ ఇంటి దగ్గర ఏజెండా అంటించాలి, ఎవరైనా వచ్చి వింటామంటే లోపలికి రానివ్వాలి. ఓట్లన్నీ పేరు పిలిచి తీసుకోవాలి. బోర్డు పరిధిలో కనీసం కోరం ఉండాలి. అడ్రసు వేయకుండా చేరే వెసులుబాటు అనారోగ్యం, కుటుంబ అత్యవసరం లాంటి కొన్ని కారణాలకే ఉంది. సెలవుల ప్రయాణం ఆ జాబితాలో లేదు. బడ్జెట్ ఆమోదం జూన్‌లోనే వస్తుంది కాబట్టి టికెట్లు కొనే ముందు మీటింగ్ తేదీలు చూసుకోవడం నయం.

అపోహ: స్కూలుకి లాప్‌టాప్‌లు అమ్మడానికి మా ఆవిడ కంపెనీ టెండర్ వేస్తే నేను ఓటు వేయకుండా పక్కకి తప్పుకుంటే సరిపోతుంది.

సరిపోదు. కార్పొరేట్ ఉద్యోగాల్లో అలవాటైన పద్ధతి అది. ఇక్కడ వర్తించేది గవర్నమెంట్ కోడ్ 1090. సభ్యుడికి ఆర్థిక ప్రయోజనం ఉన్న కాంట్రాక్టుని, చట్టం చెప్పిన కొద్దిపాటి మినహాయింపులు తప్ప, మొత్తం బోర్డే చేసుకోకూడదు. మీరు గది బయట కూర్చున్నా సరే. జీవిత భాగస్వామి ఆదాయం మీ ప్రయోజనంగానే లెక్క. ధర తక్కువ, లాప్‌టాప్‌లు మంచివి అన్న వాదన నిలవదు. కాంట్రాక్టు చెల్లదు, డబ్బు వెనక్కి కట్టాల్సి రావచ్చు, తెలిసి చేస్తే నేరం. టెండర్ షరతులు రాసేటప్పుడు సలహా ఇచ్చి, తర్వాత రాజీనామా చేసి బిడ్ వేయడం కూడా ఇందులోకే వస్తుంది.

ఫామ్ 700 ఉన్నది ఇందుకే. బోర్డులో చేరిన 30 రోజుల్లో, ఆ తర్వాత ఏటా ఏప్రిల్ 1 లోపు మీ ఆర్థిక ప్రయోజనాలు అందులో రాసివ్వాలి. అది ఎవరైనా అడిగి చూడగల కాగితం. ఇష్టం లేకపోతే సీటు ఒప్పుకోకముందే చెప్పేయండి.

అపోహ: లెక్కలు సీపీఏ చూసుకుంటాడు, ఆడిట్ ఎలాగూ ఉంది.

ఆడిట్ రిపోర్టు గడువు డిసెంబర్ 15. అది చెప్పేది జూన్ 30తో ముగిసిన ఏడాది గురించి. డబ్బు అయిపోతున్న స్కూలుకి ఐదున్నర నెలల పాత వార్త దేనికి?

డబ్బు వచ్చేది చేరిన పిల్లల లెక్కన కాదు, రోజూ బడికొచ్చిన పిల్లల సగటు లెక్కన. దాన్ని ఏడీఏ అంటారు. 400 మంది చేరతారు, హాజరు 95 శాతం అని బడ్జెట్ వేశారనుకోండి: 380 ఏడీఏ. సెప్టెంబర్‌లో చూస్తే చేరింది 385 మంది, హాజరు 93 శాతం: 358. లెక్క కోసం ఒక్కో ఏడీఏకి 12,000 డాలర్లనుకుంటే 2,64,000 డాలర్లు రావు. టీచర్లందరినీ ఆగస్టులోనే తీసేసుకున్నారు, అద్దె ఒప్పందం మారదు. 15 మంది తగ్గడం, హాజరు రెండు శాతం పడటం చూడ్డానికి చిన్న సంగతులే, కలిస్తే ఇద్దరు ముగ్గురు టీచర్ల జీతం. అందుకే ప్రతి మీటింగ్‌లో మొదట అడగాల్సింది లాభనష్టాల పట్టీ కాదు, ఈ నెల హాజరు అంకె.

రెండో అంకె, చేతిలో నగదు ఎన్ని రోజులకి వస్తుందన్నది. ఏడాది ఖర్చు 54,75,000 డాలర్లయితే రోజుకి 15,000. బ్యాంకులో 4,50,000 ఉంటే 30 రోజులు. జీతాలు రెండుసార్లు ఇస్తే అయిపోతుంది. రాష్ట్రం చెల్లింపులు వాయిదా వేసిన సంవత్సరాలున్నాయి, 2020-21 అలాంటిదే. అప్పుడు రావాల్సిన డబ్బుని ముందే అమ్ముకుని వడ్డీ కట్టిన స్కూళ్లకి ఆ రోజుల సంఖ్య విలువ తెలుసు.

కాగితాల్లో వీటి కోసం చూడండి: బడ్జెట్ పక్కన అసలు ఖర్చు కాలమ్ లేకపోవడం, రెండు నెలలుగా బ్యాంకు లెక్కలు సరిచూడకపోవడం, జూన్ దాకా నెలవారీ నగదు అంచనా లేకపోవడం. అన్నిటికన్నా చెడ్డది జీతాల మీద కట్టాల్సిన పన్నులూ, టీచర్ల పెన్షన్ వాటాలూ ఆలస్యం కావడం. నగదు బిగిస్తే జీతాలు ఎవరూ ఆపరు, గొడవవుతుంది. వీటిని ఆపుతారు, ఎందుకంటే వెంటనే ఎవరూ అరవరు.

తేదీలు ఇంట్లో క్యాలెండర్ మీద రాసిపెట్టుకోండి: బడ్జెట్ జూలై 1, గత ఏడాది ఆడిట్ కాని లెక్కలు సెప్టెంబర్ 15, మొదటి ఇంటరిమ్ డిసెంబర్ 15, రెండోది మార్చి 15. చార్టర్ ఇచ్చిన డిస్ట్రిక్ట్ పర్యవేక్షణ ఫీజు ఆదాయంలో 1 శాతం మించకూడదు. భవనం దాదాపు అద్దె లేకుండా ఇస్తే 3 శాతం దాకా.

అపోహ: ఏదైనా జరిగితే మా ఇల్లు పోతుంది / వాలంటీర్లం కాబట్టి మాకేం కాదు.

రెండూ తప్పే. 1997 నాటి ఫెడరల్ చట్టం జీతం లేని వాలంటీర్లకి కొంత రక్షణ ఇస్తుంది, కానీ ఘోరమైన నిర్లక్ష్యానికి వర్తించదు. బోర్డు సభ్యులకి డీ అండ్ ఓ ఇన్సూరెన్స్ (డైరెక్టర్లు, అధికారుల మీద వచ్చే దావాలకి బీమా) ఉందా, పరిమితి ఎంత అని చేరేముందే అడగండి. పైన చెప్పిన జీతాల పన్నులు కట్టకపోతే ఐఆర్ఎస్ బాధ్యుల జేబు మీదకే రాగలదు. గౌరవ సభ్యులకి మినహాయింపు ఉంది. రోజువారీ నిర్వహణలోనూ డబ్బు వ్యవహారాల్లోనూ చేయి పెట్టకుండా, కట్టలేదన్న సంగతి నిజంగా తెలియకుండా ఉన్నవాళ్లకే అది. తెలిసింది అంటే, వెంటనే కట్టించమని మీటింగ్‌లో అడిగి మినిట్స్‌లో రాయించండి.

అపోహ: స్కోర్లు ఫర్వాలేదు, చార్టర్ గడువు తీరితే రెన్యువల్ లాంఛనమే.

2019లో వచ్చిన ఏబీ 1505 అనే చట్టం తర్వాత స్కూళ్లని రాష్ట్ర డాష్‌బోర్డు (స్కూళ్ల ఫలితాలు చూపించే వెబ్‌సైట్) అంకెలని బట్టి మూడు అంచెలుగా చూస్తున్నారు. పై అంచెకి 5 నుంచి 7 ఏళ్లు, మధ్య అంచెకి 5 ఏళ్లు. కింది అంచెకి మామూలుగా తిరస్కారమే, మెరుగుపడుతున్నట్టు రుజువు చూపిస్తే 2 ఏళ్లు. మొత్తం సగటు బాగున్నా ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పిల్లలో, ప్రత్యేక అవసరాలున్న పిల్లలో వెనకబడితే అంచె మారిపోవచ్చు. డాష్‌బోర్డు ఎరుపు నుంచి నీలం దాకా రంగుల్లో వస్తుంది. ఏటా అది రాగానే మొత్తం స్కూలు రంగు కాదు, ఒక్కో గుంపు రంగు విడిగా చూపించమనాలి. రెన్యువల్ పిటిషన్ రాసే ఏడాదిలో మేలుకుంటే చూపించడానికి ఒక్క ఏడాది అంకెలే ఉంటాయి.

సీటు ఒప్పుకునే ముందు ఇవి తెప్పించుకుని చదవండి: చార్టర్ పిటిషన్, బైలాస్, చివరి రెండు ఆడిట్లు, ఆరు నెలల మినిట్స్, డిస్ట్రిక్ట్ నుంచి వచ్చిన హెచ్చరిక ఉత్తరాలుంటే అవి. రెండు సాయంత్రాల పని. వీటిలో చాలావరకు పబ్లిక్ రికార్డులే, బోర్డులో చేరకపోయినా అడిగి తీసుకోవచ్చు.