కడలి అంచున కాపురం: అపోహలు, వాస్తవాలు

తీరంలో ఇల్లు కొనాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది "సముద్రం కనబడుతుందా?" అని. ఆ ఇళ్లు కట్టి, మరమ్మతు చేసే మేం ముందుగా వెతికేది ఊళ్లోకెల్లా పాత ఇల్లు. అది ఎంత ఎత్తున ఉంది, దాని గుమ్మం ఎటు ఉంది అని చూస్తాం.

అపోహ: మత్స్యకారుల పల్లెల్లో అందరూ తరతరాలుగా సముద్రానికి ఎదురుగానే బతికారు.

నిజానికి చాలాచోట్ల వీపు తిప్పి బతికారు. పాత ఇళ్లు ఇసుక దిబ్బల వెనకో, ఏటి మొగలో గాలి అంతగా తగలని మలుపులోనో కనబడతాయి. ఒడ్డు పనిచేసుకునే చోటు. పడవలు లాగిపెట్టేదీ, వలలు ఆరేసేదీ, చేపలు ఎండబెట్టేదీ అక్కడే. పడుకునేది మాత్రం వెనక్కి. స్కాట్లాండ్‌లోని క్రోవీ అనే పల్లెలో ఒడ్డు మరీ ఇరుకు, వెనక్కి జరిగే దారి లేదు. అందుకే అక్కడి ఇళ్లు తమ ఇరుకైన పక్కగోడను సముద్రం వైపు పెట్టుకుని నిలబడ్డాయి.

సముద్రం కనబడటం గొప్ప అనుకోవడం ఈమధ్య మొదలైన సంగతే. 1750లో రిచర్డ్ రసెల్ అనే ఆంగ్ల వైద్యుడు గ్రంథుల జబ్బులకు సముద్రపు నీళ్లలో మునగమని, అవే తాగమని కూడా రాశాడు. 1789లో బ్రిటన్ రాజు మూడో జార్జి ఇంగ్లండు తీరంలోని వేమత్‌లో సముద్రస్నానం చేశాక అది ఫ్యాషన్ అయింది. 1841లో లండన్ నుంచి తీరపట్నం బ్రైటన్‌కు రైలు పడ్డాక మామూలు జనమూ కదిలారు. ఒడ్డుకు ఎదురుగా కిటికీలు, వసారాలు బారులు తీరింది ఆ కాలంలోనే.

అపోహ: సముద్రపు గాలి వాసన ఓజోన్‌ది, ఒంటికి మంచిది.

పందొమ్మిదో శతాబ్దపు నమ్మకం ఇది. ఆ వాసనలో పెద్ద వాటా డైమిథైల్ సల్ఫైడ్‌ది. నీటిలోని సూక్ష్మ నాచు వదిలిన పదార్థాన్ని బాక్టీరియా విరగ్గొడితే పుడుతుంది. హాయిగా ఉంటే పీల్చుకోండి, మందు అనుకోకండి.

అపోహ: స్టెయిన్‌లెస్ స్టీలు వేస్తే తుప్పు బెడద ఉండదు.

ఏ రకం స్టీలో అడగాలి. వంటింటి సామాన్లలో వాడే 304 రకం రెయిలింగు ఉప్పుగాలికి కొన్ని నెలల్లోనే టీ మరకల్లాంటి గోధుమరంగు మచ్చలు తేలుతుంది. 316 రకంలో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం అనే లోహం ఉంటుంది, అందుకే అది ఎక్కువ తట్టుకుంటుంది. అయినా దాన్నీ కడుగుతుండాలి. వాన తగిలే చోటే ముందు పాడవుతుందని చాలామంది అనుకుంటారు. మేం చూసేది తిరగబడిన లెక్క. వాన కడిగే పైభాగం బాగానే ఉంటుంది. చూరు కింది కొక్కేలు, గ్రిల్లు అడుగుభాగం, గేటు బందులు ముందు పోతాయి. అక్కడ పేరుకున్న ఉప్పు, గాలిలో తేమ 75 శాతం దాటగానే నీళ్లు పీల్చుకుని కరుగుతుంది, ఇనుము ఎప్పుడూ తడిసే ఉంటుంది. వారానికోసారి మంచినీళ్లు పైపుతో కొట్టడం కొత్త పెయింటు కన్నా ఎక్కువ పనిచేస్తుంది.

కాంక్రీటులో ఇదే లోపలి నుంచి జరుగుతుంది. ఉప్పు లోపలి ఇనుప ఊచను చేరితే తుప్పు మొదలవుతుంది. తుప్పు ఇనుముకు రెండు మూడింతలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుకే స్లాబు పెచ్చులూడుతుంది. ఊచను కప్పే కాంక్రీటు మందం, అంటే కవరు, 45 మి.మీ. కన్నా తగ్గనివ్వకండి, ఆ ఎడం నిలిపే కవర్ బ్లాకులు పెట్టకుండా కాంక్రీటు పోయనివ్వకండి. ఒడ్డు ఇసుక, ఉప్పునీళ్లు కలిపితే మీ చేతులతో మీరే ఉప్పు పోసినట్టు. పైపూత సిమెంటుతో పెచ్చులు కప్పేసే మేస్త్రీని నమ్మకండి. తుప్పు ఊచ చుట్టూ మెరిసే ఇనుము తేలేదాకా చెక్కి, శుభ్రం చేశాకే మళ్లీ పూడ్చాలి.

అపోహ: ఉప్పు నీళ్లొస్తున్నాయంటే ఇంకా లోతుకు బోరు వేయాలి.

ఇసుక నేలలో ఇది సాధారణంగా తిరగబడుతుంది. వాన నీరు తేలిక, సముద్రపు నీరు బరువు. అందుకే మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్ర మట్టానికి పైన 1 అడుగు మంచినీటి మట్టం ఉంటే, కింద దాదాపు 40 అడుగుల మంచినీరు ఉంటుందని లెక్క. మోటారుతో ఆ పైమట్టాన్ని ఒక అడుగు దింపితే కింది నుంచి ఉప్పునీరు కాలక్రమంలో దాదాపు 40 అడుగులు పైకి ఎక్కుతుంది. బోరు ఆపినా అది వెంటనే వెనక్కి పోదు, వానలు మళ్లీ నిండాలి. కాబట్టి లోతు తక్కువ బావి తవ్వి, కొద్దికొద్దిగా, ఆపి ఆపి తోడుకోవాలి. పైకప్పు నీటిని అదే నేలలోకి దింపాలి.

అపోహ: ఇంటి ముందు గట్టి గోడ కడితే ఒడ్డు కోత ఆగుతుంది.

గోడ తన వెనకున్న నేలను కాపాడుతుంది, ముందున్న ఇసుకను కాదు. నిలువు గోడకు తగిలిన అల తిరిగి వెళ్తూ పాదం దగ్గరి ఇసుకను లాక్కుపోతుంది. కొన్నేళ్లకు బీచి పోయి గోడే మిగులుతుంది, దాని చివర పక్కవాళ్ల స్థలం కోతకు గురవుతుంది. దిబ్బల మీద పాకే తీగలూ గడ్డీ ఎగిరొచ్చే ఇసుకను పట్టి ఉంచుతాయి. సముద్రం బాగా కనబడాలని దిబ్బ చదును చేసిన ఇంటి వసారాలో తొలి పెనుగాలికే ఇసుక మోకాలి లోతున చేరుతుంది.