వంటవాడు, తాపీమేస్త్రీ, బస్సు కండక్టర్

లండన్ రెండంతస్తుల బస్సుల్లో డ్రైవర్ల ప్యాంట్లు కండక్టర్ల ప్యాంట్ల కంటే నడుము దగ్గర పెద్దవిగా ఉండేవి. ఇది దర్జీలు చెప్పుకున్న కబురు కాదు, 1956లో లాన్సెట్ వైద్య పత్రికలో అచ్చయిన విషయం. జెర్రీ మోరిస్ అనే డాక్టరు తన బృందంతో యూనిఫాంల కొలతలు తిరగేసి తేల్చిన లెక్క.

అంతకు మూడేళ్ళ ముందే ఆయన అసలు సంగతి బయటపెట్టాడు. లండన్ రవాణా ఉద్యోగుల్లో 35 నుంచి 64 ఏళ్ళ లోపు మగవాళ్ళు దాదాపు 31,000 మంది ఆరోగ్య వివరాలు పరిశీలిస్తే, డ్రైవర్లకు గుండెజబ్బు ఎక్కువగా వస్తోంది, కండక్టర్లకు తక్కువగా వస్తోంది. ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే వీధులు, ఇంచుమించు ఒకే స్థాయి జీవితం. తేడా అంతా మెట్ల దగ్గరే. డ్రైవరు పొద్దస్తమానం కూర్చుని ఉంటాడు. కండక్టరు టికెట్లు కొట్టడానికి రోజుకు 500 నుంచి 750 మెట్లు ఎక్కుతాడు. లావుగా ఉన్నవాళ్ళే డ్రైవర్లుగా చేరుతున్నారేమో కదా అన్న అనుమానం న్యాయమైనదే. అది మోరిస్‌కూ వచ్చింది, ప్యాంట్ల కొలతల జోలికి వెళ్ళింది కూడా అందుకే. చిన్న వయసు డ్రైవర్ల నడుములు కూడా కొంచెం పెద్దవేనని తేలింది. కానీ తపాలా శాఖలోనూ ఇదే పోలిక కనిపించింది. నడిచో సైకిల్ మీదో ఉత్తరాలు పంచేవాళ్ళు, బల్ల ముందు కూర్చునే గుమాస్తాల కంటే నయంగా ఉన్నారు.

క్రీడల చరిత్ర అనగానే పతకాలు, రికార్డులు, స్టేడియంలు గుర్తొస్తాయి. నాకు మాత్రం ఈ కండక్టరే గుర్తొస్తాడు. ఒళ్ళు వంచి పనిచేసేవాడికీ, సరదాకో పేరుకో ఒళ్ళు వంచేవాడికీ మధ్య గీత ఎప్పుడు పడింది, ఎవరు గీశారు అన్నదే నా దృష్టిలో అసలు చరిత్ర.

మొదట్లో ఆ గీత లేదు. మన శరీరంలో దూరం పరుగెత్తడానికి పనికొచ్చే ఏర్పాట్లు చాలా ఉన్నాయని డెనిస్ బ్రాంబుల్, డేనియల్ లీబర్మన్ అనే శాస్త్రవేత్తలు 2004లో వాదించారు. మడమ వెనక స్ప్రింగులా పనిచేసే, కండరాన్ని ఎముకకు కలిపే పొడవాటి స్నాయువు, పరుగులో తల ఊగిపోకుండా మెడ వెనక పట్టే కట్టు, ఒళ్ళంతా చెమట పట్టే గుణం. మధ్యాహ్నపు ఎండలో జంతువును విడవకుండా తరిమి, అది ఒళ్ళు వేడెక్కి కూలబడేదాకా వెంటపడే వేట మనిషికి సాధ్యమైంది చాలావరకు ఆ చెమట వల్లే. అలాగని ఆ మనిషి పొద్దున్నే లేచి కసరత్తు చేశాడనుకుంటే పొరపాటు. టాంజానియాలో ఇప్పటికీ వేట మీద, దుంపలు తవ్వుకోవడం మీద బతుకుతున్న హడ్జా ప్రజలు రోజుకు దాదాపు 10 గంటలు విశ్రాంతిగానే గడుపుతారని కొలిచి చూసినవాళ్ళు చెప్పారు. కాకపోతే కుర్చీలో జారగిలబడరు, గొంతుక్కూర్చుంటారు. అప్పుడు కూడా కాళ్ళ కండరాలు కొంత పనిచేస్తూనే ఉంటాయి. తిండి దొరకడమే గగనమైనచోట అవసరం లేని పరుగు తిండి దండగ. వ్యాయామానికి బద్ధకించడం మన తప్పు కాదు, ఆ బద్ధకం వారసత్వంగా వచ్చిందే.

చేతిలో కాస్త తీరిక, వెనక ఒక రాజ్యం ఉన్నప్పుడు ఆట మొదలవుతుంది. ఈజిప్టులో బెని హసన్ కొండ సమాధుల్లో ఒకదాని గోడ మీద, నాలుగు వేల ఏళ్ళ కిందటి కుస్తీ జంటలు రెండు వందలకు పైగా ఉన్నాయి. పట్టులో పెనవేసుకున్నప్పుడు ఏ కాలు ఎవరిదో తెలియడానికి చిత్రకారుడు ఒకణ్ణి ముదురు రంగులో, ఇంకొకణ్ణి లేత రంగులో వేశాడు. వరసగా చూసుకుంటూ పోతే నడుం పట్టు, కాలు తీయడం, ఎత్తి కుదేయడం కళ్ళముందు కదులుతున్నట్టే ఉంటుంది. ఆ కుస్తీ పక్కనే కోట ముట్టడి బొమ్మలు. ఎందుకు నేర్పేవారో వేరే చెప్పక్కర్లేదు.

ప్రాచీన ఒలింపిక్స్ జరిగిన గ్రీసులోని ఒలింపియాలో మనకు పేరు తెలిసిన మొదటి విజేత కొరోయిబోస్. క్రీ.పూ. 776లో పరుగుపందెం గెలిచాడు. వృత్తిరీత్యా వంటవాడని ప్రాచీనులు రాశారు. ఆ మైదానంలో పరుగు దూరం 192 మీటర్ల పైచిలుకు. కాలి వేళ్ళు ఆనించడానికి రాతిపలకలో చెక్కిన రెండు గాళ్ళు ఇప్పటికీ చూడవచ్చు. బానిసలకు ప్రవేశం లేదుగానీ, చేతిపని చేసుకునే స్వేచ్ఛాపౌరుడికి అడ్డు లేదు. అయితే తరువాతి కాలంలో పోటీదారులు పది నెలలు సాధన చేశామని ప్రమాణం చేయాల్సి వచ్చింది. పది నెలలు పొయ్యి దగ్గర లేకపోయినా ఇల్లు గడిచే వంటవాళ్ళు ఎంతమంది ఉంటారు?

ఈ విషయంలో నాకు నచ్చినవాడు గాలెన్. రెండో శతాబ్దంలో, ఇప్పటి టర్కీలోని పెర్గమంలో గ్లాడియేటర్లకు వైద్యం చేసినవాడు. మల్లయోధుల మీద ఆయనకు మర్యాద లేదు. తినడం, పడుకోవడం, ఒళ్ళు పెంచడం తప్ప వాళ్ళకేమీ తెలియదని ఏకిపారేశాడు. వేటకు డబ్బూ తీరికా కావాలి, చిన్న బంతి ఆట ఎంత పేదవాడైనా ఆడుకోవచ్చన్నాడు. అంతకంటే ముఖ్యంగా, తవ్వడం, దున్నడం, పడవ నడపడం, బరువులు మోయడం పనులే కాదు, వ్యాయామాలు కూడా అని జాబితా రాశాడు. ఒక చలికాలం పల్లెలో ఉండిపోవాల్సివచ్చి, ఒంటికి పని కావాలని తానే కట్టెలు కొట్టి, రోట్లో బార్లీ దంచానని చెప్పుకున్నాడు. పని, వ్యాయామం రెండూ ఒకటేనని అంత తేటగా చెప్పినవాళ్ళు తరువాత చాలాకాలం దాకా లేరు.

మధ్యయుగాల వీరుల గుర్రపు పోటీలు పక్కనపెట్టి నేరుగా పంతొమ్మిదో శతాబ్దానికి వస్తాను. ఆధునిక క్రీడకు యంత్రాలు పురుడు పోశాయి. 1830లో ఎడ్విన్ బడ్డింగ్ గడ్డి కోసే యంత్రం చేశాడు, పచ్చిక మైదానం చదునైంది. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో కాచి గట్టిపరిచాడు, నిలకడగా ఎగిరే బంతి వచ్చింది. (మధ్య అమెరికా ప్రజలు చెట్టు పాలలో ఒక తీగ రసం కలిపి మూడు వేల ఏళ్ళకు ముందే రబ్బరు బంతులు చేసుకున్నారు. మిగతా లోకానికి అది చాలా ఆలస్యంగా తెలిసింది.) 1850లో బ్రిటన్ ఫ్యాక్టరీ చట్టం బట్టల మిల్లుల్లో ఆడవాళ్ళకూ కుర్రకారుకూ శనివారం మధ్యాహ్నం 2 గంటలకు పని ఆపించింది. వాళ్ళు లేకపోతే మిల్లు నడవదు, కాబట్టి మగవాళ్ళకూ పని ఆగింది. ఆ సగం రోజు సెలవులోనే ఫుట్‌బాల్ పెరిగింది.

కార్మికుడు ఆడటం మొదలుపెట్టాడో లేదో, పెద్దమనుషులు గీత గీశారు. థేమ్స్ నది మీద హెన్లీ పడవ పందేల నిర్వాహకులు 1879లో, కూలికి చేతిపని చేసేవాడు అమెచ్యూర్ (డబ్బు కోసం కాక సరదాకు ఆడేవాడు) కాదని నిబంధన పెట్టారు. ఒళ్ళు వంచి బతికేవాడి కండలు గట్టిపడి ఉంటాయి, వాడితో పోటీ సమానం కాదని వాదన. 1920లో అమెరికన్ జాక్ కెల్లీ దరఖాస్తు పెడితే తిప్పికొట్టారు. ఆయన క్లబ్బు మీద నిషేధం ఉంది, పైగా ఆయన తాపీపని చేసినవాడు. ఆ ఏడాది హెన్లీలో గెలిచిన జాక్ బెరెస్‌ఫర్డ్‌నే ఆంట్వెర్ప్ ఒలింపిక్స్ ఫైనల్లో కెల్లీ ఓడించాడు. హెన్లీ ఆ నిబంధనను 1937లో తీసేసింది. 1947లో అదే పందెం కెల్లీ కొడుకు గెలిచాడు.

ఆడవాళ్ళ విషయంలో గీత ఇంకా మొండిది. 1928 ఒలింపిక్స్‌లో 800 మీటర్లు పరుగెత్తిన ఆడవాళ్ళు సొమ్మసిల్లి పడిపోయారని పత్రికలు కోతలు కోశాయి. ఆ పందేన్ని 1960 దాకా మళ్ళీ పెట్టలేదు. మిల్లుల్లో రోజంతా నిలబడి పనిచేసే ఆడవాళ్ళ గురించి అంత బెంగ ఎవరూ పడలేదు.

మోరిస్ లెక్క బయటికి వచ్చేసరికి కథ తిరగబడింది. చేతిపని తగ్గిపోతోంది, లిఫ్టులు, కార్లు వచ్చేశాయి. కండక్టరు జీతం తీసుకుని ఎక్కిన మెట్లను, ఇప్పుడు డబ్బు కట్టి జిమ్‌లో ఎక్కుతున్నాం. వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒంటిని కదిలించమని మనిషికి చెప్పాల్సి రావడం కొరోయిబోస్‌కు కాదుగానీ, కట్టెలు కొట్టిన గాలెన్‌కు అర్థమై ఉండేది.

మోరిస్ తన లెక్కను తానే పాటించాడు. 1960ల్లో లండన్ హాంప్‌స్టెడ్ హీత్ మైదానంలో పరుగు మొదలుపెట్టాడు. వెనక ఎవరూ తరమడం లేదు, అందుకోవాల్సిన బస్సూ లేదు. ఈయనకేమైనా మతి పోయిందా అన్నట్టు జనం చూసేవారని తరువాత చెప్పుకున్నాడు. 2009లో చనిపోయే నాటికి ఆయన వయసు 99.